రెండు కుర్చీల షాపులో నేర్చుకున్న పనికీ సర్టిఫికెట్ ఇవ్వండి

తెలంగాణ కార్మిక, ఉపాధి శిక్షణ శాఖ మంత్రి గారికి నమస్కారం.

హనుమకొండలో మాకో చిన్న సెలూన్ ఉంది. నేను, మా తమ్ముడు, పని నేర్చుకునే ఒక కుర్రాడు, అంతే. ఈ ఉత్తరం ఆ కుర్రాడి కోసం.

ఇంటర్ మధ్యలో ఆపేసి వచ్చాడు. మొదట్లో వెంట్రుకలు ఊడ్చేవాడు, గుడ్డ కట్టేవాడు, నురగ పట్టించేవాడు. ఇప్పుడు గడ్డం శుభ్రంగా గీస్తాడు, మెషిన్‌తో పక్కలు తీస్తాడు. చెయ్యి మంచిది. కానీ రేపు హైదరాబాద్‌లో పెద్ద సెలూన్‌కో, గల్ఫ్‌కో వెళ్తానంటే చూపించడానికి ఒక్క కాగితం లేదు.

పనిలో ఉంటూ నేర్చుకునేవాళ్లకు, అంటే అప్రెంటిస్‌లకు, శిక్షణా సర్టిఫికెట్టూ ఇప్పించే అప్రెంటిస్ చట్టం 1961 నుంచి ఉంది. 30 మంది, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. 4 నుంచి 29 మంది ఉంటే వాళ్ల ఇష్టం. నలుగురు కూడా లేకపోతే తీసుకునే వీలే లేదు. తాతల కాలం నుంచి ఈ పని నేర్పుతున్నది మాలాంటి షాపులే. ఆ చట్టం మా గడప తొక్కదు. ఇదేం న్యాయం సార్?

ఐటీఐలో కాస్మెటాలజీ కోర్సు ఉంది, నిజమే. ఇంటికి డబ్బులివ్వాల్సిన పిల్లాడు ఏడాదిపాటు పగలంతా క్లాసులో ఎలా కూర్చుంటాడు? 2023లో మొదలైన కేంద్ర పథకం పీఎం విశ్వకర్మలో మా వృత్తి ఉంది, పనిముట్లకు రూ.15,000 ఇస్తారు. అది ఇప్పటికే ఈ పనిలో ఉన్నవాళ్లకు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు కాదు.

కొందరు యజమానులు కలిసి, అధికారులు ఆమోదించిన ఏజెన్సీ ద్వారా అప్రెంటిస్‌లకు శిక్షణ ఇవ్వొచ్చని ఆ చట్టంలోనే ఉంది. మా నాయీ బ్రాహ్మణ సంఘాన్నో, దగ్గరి ఐటీఐనో అలాంటి ఏజెన్సీగా గుర్తించండి. ఒక వీధిలోని షాపులన్నిటినీ కలిపి లెక్కేయండి. మంగళవారం ఎలాగూ షాపులు మూస్తాం. ఆ రోజు పిల్లలకు శుభ్రత పాఠాలు చెప్పించండి. బ్లేడు మార్చకపోతే హెపటైటిస్ బి, సి అంటుకునే ప్రమాదముంది. ఇప్పుడు మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సుకు షాపు కొలతలు చూస్తారు తప్ప, పని చేసే చెయ్యిని ఎవరూ చూడరు.

అలాగని సర్టిఫికెట్ లేనివాడు కత్తెర పట్టకూడదనే రూలు మాత్రం పెట్టకండి. అమెరికాలోని టెక్సాస్‌లో దారంతో కనుబొమలు తీసేవాళ్లు కూడా 750 గంటల శిక్షణ పొందాలన్నారు. వాళ్లు కోర్టుకు వెళ్తే 2015లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెల్లదంది. మాకు కావాల్సింది దారి, అడ్డుగోడ కాదు.

ముందు మా జిల్లాలో మొదలుపెట్టి చూడండి. మంగళవారాలు ఐటీఐలో ఒక గది, ఏడాదికోసారి పరీక్ష పెట్టే అధికారి ఉంటే చాలు. పిల్లల్ని మేం పంపుతాం.

ఇట్లు,
సెలూన్ యజమాని, హనుమకొండ