మొదటి మూడు నెలల సెలవు చట్టంలో ఉంది, షోరూముల్లో లేదు

సంపాదకులకు నమస్కారం.

మహిళా ఉద్యోగుల ప్రసూతి సెలవు మీద ఎక్కడ చర్చ జరిగినా 26 వారాల మాటే వినిపిస్తుంది. 2017లో చట్టాన్ని సవరించి 12 వారాల సెలవును 26 వారాలకు పెంచినప్పటి నుంచి ఆ అంకె జనం నోళ్ళలో నానుతోంది. అందులో ప్రసవానికి ముందు వాడుకోగలిగినవి 8 వారాలే కనుక, దానిని అందరూ నెలలు నిండే దశలో మొదలై బిడ్డ పుట్టాక కొనసాగే సెలవుగానే చూస్తారు. నెల తప్పినది మొదలు మూడో నెల నిండేదాకా ఆ స్త్రీ పడే అవస్థకు కూడా చట్టంలో చోటుందన్న సంగతి ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళలో చాలామందికి, వారి భర్తలకు, ఆఖరికి వారి జీతాలు లెక్కగట్టేవారికి సైతం తెలియడం లేదు. ఈ ఏడాది మా ఇంటి అనుభవం ఆధారంగా ఆ విషయాన్నే మీ పాఠకుల ముందు ఉంచదలిచాను.

నా భార్య విజయవాడలోని ఒక పెద్ద చీరల షోరూంలో సేల్స్ విభాగంలో పనిచేస్తుంది. ఉదయం షట్టరు ఎత్తిన దగ్గర నుంచి రాత్రి దించేదాకా, భోజన విరామం తప్ప, కౌంటరు వెనుక నిలుచునే ఉండాలి. చూపించిన చీరలన్నీ మళ్ళీ మడత పెట్టి అరల్లో సర్దాలి, పై అరల్లోవి నిచ్చెన ఎక్కి దించాలి. ఇది మా మొదటి కాన్పు. రెండో నెల రాగానే ఆమెకు వేవిళ్ళు మొదలయ్యాయి. కొత్త బట్ట మీది గంజి వాసన, వచ్చిపోయేవారు పూసుకున్న సెంట్లు, తలుపులన్నీ మూసి ఉండే ఏసీ హాలు, ఇవన్నీ కలిసి ఆమెను గంటకోసారి బాత్రూముకు పరుగెత్తించేవి. బాత్రూముకు వెళ్ళాలంటే ఫ్లోర్ మేనేజర్‌కు చెప్పి వెళ్ళాలన్నది అక్కడి నియమం. మాటిమాటికీ ఎందుకు వెళుతున్నావని ఆయన అడిగితే ఏం చెప్పాలన్నది ఇంట్లో మా ఇద్దరికీ రోజూ ఉండే చర్చ. ఎందుకంటే అసలు కారణం చెప్పకూడదని మా పెద్దవాళ్ళు ముందే మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకున్నారు.

"మూడో నెల నిండేదాకా ఎవరి చెవినా వేయకండిరా" అని మా అమ్మ అంది. మా అత్తగారు ఫోనులో అదే మాట అన్నారు. ఈ ఆచారాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి నాకు మనసొప్పదు, ఎందుకంటే దాని వెనుక అనుభవం ఉంది. నిర్ధారణ అయిన గర్భాలలో సుమారు నూటికి పది నుంచి ఇరవై వరకు నిలవవనీ, అలా పోయేవాటిలో అత్యధికం మొదటి 12 వారాల్లోనే పోతాయనీ వైద్యులు చెబుతారు. శుభవార్త ఊరంతా చెప్పుకొన్నాక అది నిలవకపోతే, మళ్ళీ ఊరంతటికీ జవాబు చెప్పుకోవలసిన బాధ నుంచి ఆడపిల్లను తప్పించడానికే ఈ జాగ్రత్త పుట్టి ఉంటుంది. కానీ ఇది పుట్టిన కాలంలో ఆమె ఇంటి పట్టునే ఉండేది, ఇంట్లోవాళ్ళకు చెప్పకపోయినా తెలిసిపోయేది, బరువు పని తీసుకుని చేసిపెట్టడానికి తోడికోడలో ఆడబిడ్డో ఉండేవారు. ఈ రోజు షోరూంలో నిలబడేవారికి అలా ఆదుకునేవారెవరూ లేరు. చెబితే ఉద్యోగం మీదికి వస్తుందేమోనన్న భయం, చెప్పకపోతే ఎందుకు నీరసంగా ఉన్నావన్న నిలదీత, ఈ రెంటి మధ్యే ఆమె రోజు గడుస్తుంది.

వేవిళ్ళు జబ్బు కాదు, అందరికీ వచ్చేవే, మేమందరం కనలేదా అనే మాట కూడా ఇక్కడే వినిపిస్తుంది. చాలామంది విషయంలో అది నిజమే. గర్భిణులలో అత్యధికులకు వికారం ఉంటుంది. సాధారణంగా ఆరో వారం ప్రాంతంలో మొదలై, తొమ్మిదో వారం ప్రాంతంలో ముదిరి, నాలుగో నెలలో చాలామందికి తగ్గుముఖం పడుతుంది. వైద్యులు వారాలను చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెడతారు కనుక, నెల తప్పిందని తెలిసేసరికే నాలుగు వారాలు దాటిపోతాయి. అయితే కొద్దిమందికి మంచినీళ్ళు కూడా కడుపులో నిలవవు, మూత్రం తగ్గిపోతుంది, వారాల వ్యవధిలో బరువు పడిపోతుంది, సెలైన్ ఎక్కించవలసి వస్తుంది. అది కచ్చితంగా జబ్బే. నా భార్యకు అంత దూరం రాలేదు గానీ, ఒకరోజు కౌంటరు దగ్గరే కళ్ళు తిరిగి కూలబడింది. ఫ్లోర్ మేనేజర్ దయగానే మాట్లాడారు. "ఒంట్లో బాగోకపోతే ఇంటి దగ్గరే ఉండమ్మా, జీతం మాత్రం రాదు" అన్నారు. ఆయనకు తెలిసిన నియమం అంతవరకే.

చట్టంలో ఉన్నది వేరు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం 10వ సెక్షన్ ప్రకారం, గర్భం వల్ల వచ్చిన అనారోగ్యంతో బాధపడే ఉద్యోగినికి వైద్యుల ధ్రువపత్రం ఆధారంగా గరిష్ఠంగా ఒక నెల వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలి. ఇది 26 వారాలలో నుంచి కోసుకునేది కాదు, దానికి అదనం. చాలామంది దంపతులు ఉన్న సెలవంతా బిడ్డ పుట్టాక అక్కరకు వస్తుందని దాచుకుని, మొదటి నెలల్లో పళ్ళ బిగువున నెట్టుకొస్తారు కనుక ఈ "అదనం" అన్న మాటను నేను గట్టిగా చెబుతున్నాను. గర్భం నిలవకపోతే వేతనంతో ఆరు వారాల సెలవు 9వ సెక్షన్ కింద వస్తుంది. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి (సోషల్ సెక్యూరిటీ కోడ్) పాత చట్టం స్థానాన్ని తీసుకున్నా, ఈ రెండు సెలవులూ అందులోనూ ఉన్నాయి. పది మంది, అంతకు మించి పనిచేసే దుకాణాలన్నిటికీ ఇవి వర్తిస్తాయి కనుక మా నగరంలోని ఏ పెద్ద షోరూమూ తప్పించుకోలేదు.

ఇక యజమాని మీద భారం పడుతుందన్న వాదనకు కూడా చాలా చోట్ల తావు లేదు. నెల జీతం 21,000 రూపాయలు మించనివారు ఉద్యోగుల రాజ్య బీమా పథకం (ఈఎస్‌ఐ) పరిధిలోకి వస్తారు. ఉద్యోగి వాటాగా జీతంలో 0.75 శాతం, యజమాని వాటాగా 3.25 శాతం నెలనెలా జమ అవుతుంది. నిర్ణీత రోజులు చందా జమ అయి ఉండాలన్న నిబంధన పూర్తిచేసినవారికి పై సెలవు కాలానికి డబ్బు చెల్లించేది ఈఎస్‌ఐ సంస్థే. నా భార్య జీతం చీటీలో ఈ కోత ప్రతి నెలా కనిపిస్తూనే ఉంది. అది జ్వరానికి మాత్రలు ఇచ్చే డిస్పెన్సరీ కోసమని షోరూంలో అందరూ అనుకుంటారు. ఆ డిస్పెన్సరీలోని డాక్టరమ్మే మాకు ఈ సెలవు సంగతి చెప్పి, ధ్రువపత్రం రాసి, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో ఓపికగా వివరించారు. సెలవు వచ్చింది. షోరూం హెచ్‌ఆర్ విభాగంవారు ఆ కాగితం చూసి, ఇలాంటిది తాము మొదటిసారి చూస్తున్నామన్నారు. అక్కడ పనిచేసేవారిలో ఎక్కువమంది కొత్తగా పెళ్ళైన ఆడపిల్లలేనన్నది దృష్టిలో పెట్టుకుంటే ఈ మాట ఎంత ఆలోచించదగ్గదో మీకే తెలుస్తుంది.

సెలవు విషయం బయటపడ్డాక, నా భార్యతో పనిచేసే ఒక అమ్మాయి తన సంగతి చెప్పుకుంది. ఆమెకు రెండో నెలలో గర్భం నిలవలేదట. ఎవరికీ చెప్పలేదు కనుక, జ్వరమని చెప్పి నాలుగు రోజులు మానేసి తిరిగి కౌంటరులో నిలబడిందట. గర్భస్రావం జరిగిన తరువాత ఆరు వారాలపాటు ఆ స్త్రీ చేత యజమాని "తెలిసి" పనిచేయించకూడదని చట్టం నిషేధించింది. ఇక్కడ యజమానికి తెలియదు. రహస్యం పాటించినందువల్ల దిష్టి తగలకుండా ఉంటుందేమో నాకు తెలియదు గానీ, చట్టం ఇచ్చిన రక్ష మాత్రం తగలకుండా పోతుంది. పైగా ఇంట్లో ఆ అమ్మాయిని స్కూటీ మీద తిరిగావనీ, నిచ్చెన ఎక్కావనీ, బొప్పాయి ముక్క తిన్నావనీ తలా ఒక మాట అన్నారట. తొలి మూడు నెలల్లో జరిగే గర్భస్రావాలలో సుమారు సగానికి పిండంలోని క్రోమోజోముల లోపాలే కారణమని వైద్యశాస్త్రం చెబుతోంది. అవి ఎక్కువగా యాదృచ్ఛికంగా వచ్చేవి, తల్లి నడవడికతో సంబంధం లేనివి. ఈ మాట ఆమెకు ఆసుపత్రిలో ఎవరైనా ఒక నిమిషం కూర్చోబెట్టి, భర్త ఎదుట, అత్తగారి ఎదుట చెప్పి ఉంటే బాగుండేది.

భర్త ఎదుట అన్నాను కనుక ఆ విషయమూ ప్రస్తావిస్తాను. మొదటి స్కానింగుకు మేము వెళ్ళిన సెంటరులో నన్ను గది బయటే ఆపేశారు. లింగ నిర్ధారణ నిషేధ చట్టం ఒప్పుకోదన్నారు. 1994 నాటి ఆ చట్టం ఎంతో అవసరమైనది, దానిని సడలించాలని నేను అనను. కానీ అది నిషేధించినది లింగ నిర్ధారణను, దానిని మాటతో గానీ సైగతో గానీ మరే విధంగా గానీ వెల్లడించడాన్ని. ఏడో వారంలో స్కానింగు మీద ఆడా మగా తేడా కనిపించే అవకాశమే లేదు. ఆ దశలో చూసేది గర్భం గర్భసంచిలోనే ఉందా, ట్యూబులో ఉందా, గుండె కొట్టుకుంటోందా అన్నదే. ఒకవేళ గుండె చప్పుడు లేదన్న మాట వినవలసి వస్తే దానిని ఆమె ఒంటరిగా వినాలనడం ఏం న్యాయం? గర్భిణి కోరితే భర్తను గానీ తల్లిని గానీ తొలి స్కానింగుకు లోపలికి అనుమతించాలని వైద్య ఆరోగ్య శాఖ స్పష్టమైన ఉత్తర్వు ఇస్తే ఆసుపత్రులకూ అనుమానం ఉండదు. ఆమె కోరితేనే అన్న షరతు ముఖ్యం. భర్త లోపల ఉంటే నోరు విప్పలేని ఇళ్ళు కూడా ఉన్నాయి.

ప్రభుత్వ పథకాల్లో కొన్ని కూడా మొదటి మూడు నెలలను పక్కనబెట్టేవే. 2016లో మొదలై ప్రతి నెలా 9వ తేదీన జరిగే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ పరీక్షలు నాలుగో నెల నుంచే. ఐరన్ మాత్రలూ నాలుగో నెల నుంచే. వాంతులున్నప్పుడు ఐరన్ పడదు కనుక దానికి కారణం అర్థం చేసుకోవచ్చు. కానీ ఫోలిక్ యాసిడ్ సంగతి వేరు. రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర గర్భం రాకముందే మొదలుపెట్టాలి. బిడ్డ వెన్నెముక, మెదడు రూపుదిద్దుకునే నాళం ఆరో వారం నాటికే మూసుకుంటుంది కనుక, మూడో నెల నిండాక ఆసుపత్రి గడప ఎక్కేవారికి ఆ మాత్ర వల్ల కలిగే ముఖ్యమైన మేలు దాదాపు చేజారినట్టే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తొలి మూడు నెలల్లో వైద్య పరీక్ష చేయించుకున్నవారు 70 శాతం. మిగిలిన ముప్పై శాతంలో రహస్యం కోసం ఆగినవారు ఎందరో లెక్కించినవారు లేరు గానీ, మా బంధువర్గంలోనే అలాంటివారు నాకు తెలుసు. పొరుగువారికి చెప్పకపోయినా ఆశా కార్యకర్తకు, డాక్టరుకు చెప్పడం ఆచారానికి అడ్డు కాదని పెద్దవాళ్ళు పిల్లలకు నచ్చజెప్పాలి.

దుకాణాల విషయంలో నేను కొత్త చట్టం అడగడం లేదు. ఆడవాళ్ళు పనిచేసే ప్రతి చోటా చట్టం సారాంశాన్ని స్థానిక భాషలో అందరికీ కనిపించేలా ప్రదర్శించాలని పాత ప్రసూతి ప్రయోజనాల చట్టం 19వ సెక్షన్ చెప్పింది, కొత్త స్మృతిలోనూ ఆ నియమం ఉంది. ఉద్యోగంలో చేరినప్పుడే ప్రతి మహిళకూ ఈ ప్రయోజనాలన్నిటినీ రాతపూర్వకంగా తెలియజేయాలని 2017 సవరణ చెప్పింది. నా భార్యకు నియామక సమయంలో ఇచ్చిన కాగితంలో యూనిఫారం చీర రంగు, ఆలస్యానికి కోత, సెల్‌ఫోను నిషేధం ఉన్నాయి గానీ ఈ ముక్క లేదు. బరువు పని, ఎక్కువసేపు నిలబడే పని ఇవ్వరాదన్న రక్షణ కూడా గర్భిణి కోరితే చివరి నెలల్లోనే వర్తించేలా పాత చట్టంలో ఉంది. కళ్ళు తిరిగేది మొదటి నెలల్లో అయినప్పుడు దానికి నా సూచన ఒక్కటే, కుర్చీ. దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ దుకాణాల చట్టాలను సవరించాయి. కౌంటరు వెనుక ఒక స్టూలు వేస్తే ఎవరు గర్భిణో ఎవరు కాదో ఎవరికీ చెప్పుకోవలసిన అవసరం ఉండదు. రహస్యం పాటించదలచినవారి రహస్యమూ దక్కుతుంది, నడుమూ దక్కుతుంది.

నా భార్యకు ఇప్పుడు అయిదో నెల. తిరిగి పనికి వెళుతోంది. శ్రావణమాసపు రద్దీ మొదలైతే షోరూముల్లో ఎవరికీ ఊపిరి సలపదు, తనిఖీకి వచ్చినవారితో మాట్లాడే తీరిక కూడా ఉండదు. ఆ లోపే కార్మిక శాఖ, ఈఎస్‌ఐ అధికారులు రెండు తెలుగు రాష్ట్రాల్లోని పెద్ద వస్త్ర దుకాణాలకు వెళ్ళి, చట్టం సారాంశం గోడ మీద తెలుగులో ఉందో లేదో, నెల సెలవు సంగతి హెచ్‌ఆర్ విభాగానికి తెలుసో లేదో విచారించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయవాడ