దూరదేశం నుంచి మన బడికి వచ్చిన పిల్లల గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

వేరే దేశంలో పుట్టి, దత్తతతో కొత్త అమ్మానాన్నల దగ్గరికి వచ్చిన పిల్లలు ఈ ఏడాది మన బడిలో చేరారు. ఎవరు, ఏ తరగతి అన్నది ఇక్కడ రాయడం లేదు. తెలిసినవారు కూడా నలుగురిలో ప్రస్తావించవద్దని మనవి. ఈ లేఖను ముందుగా ఆ కుటుంబాలకు చూపించి, వారు సరేనన్నాకే మీకు పంపుతున్నాను.

"ఆ బిడ్డకు మాటలు గడగడా వచ్చేశాయి కదండీ, నవ్వుతూ తిరుగుతోంది, ఇంకా సర్దుకోవడానికి ఏముంది?" అని ఒకరిద్దరు అడిగారు. ప్రేమతోనే అడిగారు. దీనికి జవాబు కాస్త వివరంగా చెప్పాలి, పెద్దవాళ్లం ఎక్కువగా పొరబడేది ఇక్కడే కాబట్టి.

ఆటకు కావలసిన మాటలు పిల్లలకు తొందరగా వస్తాయి. "ఇప్పుడు నా వంతు", "బంతి ఇటు వెయ్యి" లాంటివి చేతి సైగల సాయంతో వచ్చేస్తాయి. పాఠంలోని భాష అలా రాదు. "కింది వాటిలో భిన్నమైనదాన్ని గుర్తించి కారణం రాయండి" అన్న ఒక్క వాక్యం దగ్గర, లెక్కలు చక్కగా చేసే బిడ్డ కూడా ఆగిపోతుంది. టొరంటో విశ్వవిద్యాలయ ఆచార్యుడు జిమ్ కమిన్స్ 1979 నుంచీ చెబుతూ వచ్చిన తేడా ఇదే. మాట్లాడే భాష సుమారు 2 ఏళ్లలో పట్టుబడుతుంది, చదువు భాషలో తోటివారిని అందుకోవడానికి 5 నుంచి 7 ఏళ్లు పడుతుంది.

పైగా ఆ అంచనా ప్రధానంగా వలస కుటుంబాల పిల్లలను చూసి వేసినది. వాళ్లు సాయంత్రం ఇంటికి వెళ్తే అమ్మతో సొంత భాషలో కబుర్లు చెప్పుకోగలరు. దత్తత వచ్చిన బిడ్డకు సాధారణంగా ఆ ఆసరా ఉండదు. ఇంట్లో ఆ భాష తెలిసినవాళ్లు లేకపోతే కొన్ని నెలల్లోనే అది జారిపోవడం మొదలవుతుంది, కొత్తది ఇంకా నిలబడి ఉండదు. కడుపులో నొప్పి అని చెప్పాలన్నా, ఫలానా దానికి భయమేస్తోందని చెప్పాలన్నా ఏ భాషా చాలని కాలం ఒకటి నడుమ వస్తుంది. అప్పుడు బిడ్డ తోసేయవచ్చు, ఏడవవచ్చు, బల్ల కింద దూరి కూర్చోవచ్చు. అలాంటప్పుడు మా ఉపాధ్యాయులు ముందు పక్కన కూర్చుంటారు, మందలింపు ఆ తర్వాతి సంగతి. మీ అబ్బాయి ఇంటికొచ్చి "వాడిని టీచర్ తిట్టలేదు" అని చెబితే, కారణం ఇదని దయచేసి గుర్తుంచుకోండి.

జారిపోయిన భాష పూర్తిగా పోకపోవచ్చు కూడా. పసితనంలోనే చైనా నుంచి ఫ్రెంచి మాట్లాడే కుటుంబాలకు దత్తత వెళ్లిన పిల్లలను కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు 2014లో పరీక్షించారు. వాళ్లకు చైనీస్ ఒక్క ముక్క కూడా గుర్తులేదు. అయినా ఆ భాషలోని స్వరాలు, అంటే మాట అర్థాన్నే మార్చే గొంతు ఎత్తుపల్లాలు, వినిపించినప్పుడు, చైనీస్ వచ్చినవారి మెదడులాగే వాళ్ల మెదడూ స్పందించింది. అందుకే పుట్టిన దేశపు పాటలు, కథలు ఇంట్లో వినిపించమని ఆ తల్లిదండ్రులకు చెబుతున్నాం. బిడ్డ వద్దంటే మాత్రం బలవంతం చేయకూడదు. కొందరికి ఆ ధ్వని వింటేనే దిగులు వస్తుంది.

ఇక మనందరికీ సంబంధించిన విషయం. కొందరు పిల్లలు గేటు దగ్గర ఎవరు కనిపించినా చేయి పట్టుకుంటారు, ఒళ్లో కూర్చుంటారు, "నేనూ మీ ఇంటికి వస్తా" అంటారు. ముచ్చటేస్తుంది. అయినా ఎత్తుకోకండి, తినడానికేమీ ఇవ్వకండి. చిరునవ్వుతో పలకరించి "మీ అమ్మ అదిగో, పద" అని దగ్గరికి పంపండి. దత్తతకు ముందు ఉన్న అనాథాశ్రమంలో చూసుకునేవాళ్లు షిఫ్టుకొకరు మారుతుంటే, దగ్గరున్న ఏ పెద్దవాళ్లయినా ఒకటేనని బిడ్డ నేర్చుకుంటుంది. అది బతకడానికి నేర్చుకున్న తెలివి. ఆకలైతే, దెబ్బ తగిలితే, భయమేస్తే వెళ్లాల్సింది ఫలానా మనిషి దగ్గరికేనని ఇప్పుడు మళ్లీ కొత్తగా నేర్చుకోవాలి. మీరు కాస్త దూరంగా ఉండడం ఆ బిడ్డకు చేసే గొప్ప సాయం, మనసుకు కష్టమనిపించినా.

ఇలాంటి బిడ్డకు ఉదయం బడి దగ్గర దింపడం కూడా చిన్న విషయం కాదు. "సాయంత్రం వస్తాను" అని వెళ్లి తిరిగి రానివాళ్లు ఆమె జీవితంలో ఉండి ఉండవచ్చు. అందుకని సాయంత్రం ఎవరు వస్తారో పొద్దున్నే బొమ్మ గీసి చూపిస్తున్నాం, ఉపాధ్యాయులు సెలవు పెడితే ముందురోజే చెబుతున్నాం, అగ్నిమాపక అభ్యాసం గంట మోగబోతోందని ముందే చెవిన వేస్తున్నాం. జేబులో తినుబండారాలు దాచుకుంటే మేం దొంగతనం అనం. మీ పిల్లల డబ్బాలోంచి ఏదైనా పోతే నాకు చెప్పండి, మేం చూసుకుంటాం.

"అసలు అమ్మానాన్నలెవరు?", "ఎందుకు వదిలేశారట?" అన్న ప్రశ్నలు పెద్దలు ఆ బిడ్డ ఎదుటే అడగడం విన్నాను. దేశాంతర దత్తతపై 1993 నాటి హేగ్ ఒప్పందంలోని 30వ అధికరణం, బిడ్డ పుట్టుక వివరాలను భద్రపరచాలని ప్రభుత్వాలకు బాధ్యత అప్పగించింది. ఆ వివరాలు ఆ బిడ్డ కోసం దాచినవి. ఎప్పుడు, ఎవరికి, ఎంత చెప్పుకోవాలో తేల్చుకోవలసింది కూడా ఆ బిడ్డే. "ఎంత అదృష్టవంతురాలివో", "మీరెంత పుణ్యం చేసుకున్నారో" అన్న మాటలూ వద్దు. పుట్టిన చోటు, తెలిసిన ముఖాలు, పక్క మంచం మీది స్నేహితురాలు అన్నీ దూరమైన బిడ్డను అదృష్టానికి కృతజ్ఞత చూపమనడం న్యాయం కాదు.

మీ పిల్లలు ఇంట్లో అడిగితే దాచవద్దు. "ఆ పాప వేరే దేశంలో పుట్టింది, ఇప్పుడు ఆమె అమ్మానాన్నలు వీళ్లే, ఎప్పటికీ వీళ్లే. మిగతాది తను చెప్పాలనుకుంటే చెబుతుంది" అంటే చాలు. చిన్నపిల్లలు దీన్ని మనకంటే సులువుగా అర్థం చేసుకుంటారు.

పాఠాల్లోనూ కొన్ని మార్పులు చేశాం. వంశవృక్షం గీసే పని బదులు "నాకు ముఖ్యమైనవాళ్లు" అని ఇస్తున్నాం. పసిప్పటి ఫోటో తెమ్మని ఏ తరగతిలోనూ అడగం, చాలామందికి అది ఉండదు. కళ్ల రంగు అమ్మదా నాన్నదా అని పోల్చి అనువంశికత చెప్పే పద్ధతి మాని, మెండెల్ బఠానీ మొక్కలతోనే చెబుతాం. అమ్మానాన్నల్లో ఒకరు లేని పిల్లలకు, తాతయ్య, అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలకు కూడా ఈ మార్పు ఎప్పుడో రావలసింది.

దత్తత తీసుకున్న తల్లిదండ్రులకు ఒక మాట. పుట్టినతేదీ కాగితాల మీద అంచనాగా వేసినదైతే మాకు చెప్పండి, తరగతి విషయం మళ్లీ కలిసి ఆలోచిద్దాం. చదువులో వెనకబాటు అనుకునే ముందు వినికిడి, చూపు పరీక్షలు చేయించండి. మొదటి నెలల్లో పూర్తి రోజు భారమైతే మధ్యాహ్నానికే తీసుకువెళ్లవచ్చు. హాజరు గురించి నాతో మాట్లాడితే చాలు, సంజాయిషీ లేఖలు అక్కర్లేదు.

పుట్టినరోజు వేడుకలకు పిలిచేవారు ఆ బిడ్డతోపాటు అమ్మనో నాన్ననో కూడా పిలవండి. వీలైతే ముందు ఇద్దరు ముగ్గురు పిల్లలున్న చిన్న ఆటకు రమ్మనండి. వాళ్లు రాలేమంటే నొచ్చుకోకుండా, కొన్ని వారాలాగి మళ్లీ పిలవండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు