బోర్డు తగిలిస్తే బాధ్యత తీరదు

సంపాదకులు గారికి,

“కుక్కలున్నవి జాగ్రత్త” అని గేటుకు బోర్డు తగిలించాం కాబట్టి, ఆ తర్వాత లోపలికి వచ్చినవారిని కుక్క కరిస్తే తప్పు వచ్చినవారిదే గాని తమది కాదని కుక్కలను పెంచేవారిలో చాలామంది గట్టిగా నమ్ముతారు. దీనికి ఎదురుగా మరో నమ్మకం కూడా ఉంది. బోర్డు పెడితే మన కుక్క ప్రమాదకరమైనదని మనమే రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టవుతుందని, అందువల్ల అసలు పెట్టకపోవడమే క్షేమమని కొందరు సలహా ఇస్తుంటారు. ఈ రెండు వాదనలూ చట్టం ముందు నిలబడేవి కావు. మొదటి నమ్మకం యజమానిని ఏమరుపాటులోకి నెడుతుంది. రెండోది, లోపల కుక్క ఉందన్న సంగతి కూడా తెలియకుండా గేటు తీసే మనిషిని నేరుగా ప్రమాదంలోకి నెడుతుంది.

మన దేశంలో శిక్షకు సంబంధించిన నిబంధన స్పష్టంగానే ఉంది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 289వ సెక్షన్‌గా ఉండి, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్‌గా కొనసాగుతున్న ఆ నిబంధన ప్రకారం, ఎవరి ఆధీనంలో ఉన్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు గాని తీవ్రమైన గాయం గాని కలిగే అవకాశం ఉందో, వారు ఆ ప్రమాదాన్ని అడ్డుకోవడానికి చాలినన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. తెలిసి గాని నిర్లక్ష్యం వల్ల గాని తీసుకోకపోతే అది నేరం. దానికి ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పాత చట్టంలో ఈ జరిమానా గరిష్ఠంగా వెయ్యి రూపాయలే ఉండేది. ఈ సెక్షన్‌లో బోర్డు ప్రస్తావన ఎక్కడా లేదు. తీసుకున్న జాగ్రత్తలు ఆ కుక్క వల్ల రాగల ప్రమాదానికి సరిపోయాయా లేదా అన్నది ఒక్కటే అది అడిగే ప్రశ్న. బోర్డు ఆ జాగ్రత్తల్లో ఒకటి కావచ్చు గాని, తాళం లేని గేటు, తెగిన గొలుసు, మనిషి ఎత్తు కూడా లేని ప్రహరీ ఉన్న ఇంట్లో అదొక్కటే సరిపోయిందని ఏ న్యాయాధికారినైనా ఒప్పించడం చాలా కష్టం.

గాయపడినవారు కోరే నష్టపరిహారం సంగతి వేరు. సివిల్ బాధ్యతకు మన దగ్గర సమగ్రమైన స్మృతి ఏదీ లేదు. న్యాయస్థానాలు ఇంగ్లండ్ నుంచి వచ్చిన సామాన్య న్యాయ (కామన్ లా, అంటే కోర్టు తీర్పుల ద్వారా రూపుదిద్దుకున్న న్యాయం) సూత్రాలనే ఎక్కువగా ఆధారం చేసుకుంటాయి. అందువల్ల హెచ్చరిక బోర్డుకు ఎంత విలువ ఇవ్వాలనే విషయంలో అక్కడ జరిగిన ఆలోచన మనకూ పనికివస్తుంది. స్థలం ఎవరి స్వాధీనంలో ఉందో వారికి అక్కడికి వచ్చేవారి పట్ల ఉండే బాధ్యతను నిర్ణయించిన 1957 నాటి ఇంగ్లండ్ చట్టం ఈ ప్రశ్నకు సూటిగానే జవాబు చెప్పింది: హెచ్చరించినంత మాత్రాన స్వాధీనదారు బాధ్యత తీరిపోదు, ఆ హెచ్చరిక వల్ల వచ్చిన మనిషి తగినంత క్షేమంగా ఉండగలిగితేనే తీరుతుంది. 1963లో ఈ చట్టాన్ని వివరిస్తూ ప్రసిద్ధ న్యాయమూర్తి లార్డ్ డెన్నింగ్ ఒక ఉదాహరణ చెప్పారు. ఒక ఇంటికి చేరాలంటే వాగు మీది వంతెన ఒక్కటే దారి అయినప్పుడు, ఆ వంతెన ప్రమాదకరమని బోర్డు పెట్టినా ప్రయోజనం లేదు, ఎందుకంటే ఇంటికి వెళ్లాల్సిన మనిషికి దాని మీద నడవడం తప్ప గత్యంతరం లేదు. పక్కనే క్షేమమైన మరో వంతెన ఉంటే మాత్రం ఆ బోర్డుకు అర్థం ఉంటుంది, బాధ్యతా తీరుతుంది.

నా దృష్టిలో కుక్క బోర్డుల వ్యవహారమంతా ఈ ఉదాహరణలోనే ఉంది. బోర్డు గేటుకు ఉండి, కాలింగ్ బెల్ మాత్రం లోపలి తలుపు పక్కన ఉంటే, ఆ బోర్డు చదివిన మనిషి ఏం చేయాలి? ఉత్తరాల పెట్టె, కరెంటు మీటరు, నీళ్ల కుళాయి అన్నీ కుక్క తిరిగే ఆవరణలోనే ఉన్నప్పుడు, పోస్ట్‌మ్యానూ మీటరు రీడింగ్ తీసుకునే ఉద్యోగీ బోర్డును గౌరవించి వెనక్కి వెళ్లిపోతే వారి పని ఎలా జరుగుతుంది? జాగ్రత్తగా ఉండమని చెప్పి, ఉండే వీలు మాత్రం కల్పించకపోతే, ఆ మాట వల్ల వచ్చినవారికి భయం కలుగుతుందే తప్ప రక్షణ దొరకదు. అదే బెల్లును గేటు బయటికి మార్చి, ఇంటివారు వచ్చి తలుపు తీసేదాకా ఆగమని పక్కనే రాసి, మీటరును వీధి వైపు గోడకు పెట్టిస్తే, బోర్డులో అక్షరాలు అవే అయినా చట్టం దృష్టిలో దాని బరువు పూర్తిగా మారిపోతుంది. అప్పటికీ వినకుండా గేటు తోసుకొని వచ్చిన వ్యక్తికి గాయమైతే, అందులో అతని నిర్లక్ష్యం ఎంతో న్యాయస్థానం లెక్కవేసి ఆ మేరకు పరిహారం తగ్గించవచ్చు.

బోర్డు వల్ల బాధ్యత మొత్తంగా తప్పిపోతుందనే వారు తరచుగా ఆధారం చేసుకోగలిగిన తీర్పు ఒకటి లేకపోలేదు. లండన్‌లో పాత ఇనుప సామాను నిల్వచేసే ఆవరణలోకి రాత్రివేళ అనుమతి లేకుండా అడుగుపెట్టిన ఒక మహిళను కాపలాకు వదిలిన అల్సేషన్ కుక్క కరిచింది. తలుపు మీద కుక్క ఉందన్న హెచ్చరిక పెద్ద అక్షరాలతో ఉంది, ఆ కుక్క సంగతి ఆమెకు ముందే తెలుసు కూడా. కింది కోర్టు ఆమెకు పరిహారం ఇచ్చినా, అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగరాసి యజమానికి బాధ్యత లేదంది. జంతువుల వల్ల కలిగే నష్టానికి సంబంధించిన 1971 నాటి ఇంగ్లండ్ చట్టం కింద వచ్చిన తీర్పు అది. అయితే అక్కడ యజమానిని కాపాడింది బోర్డు ఒక్కటే కాదు. ఆమెకు లోపలికి వెళ్లే హక్కు లేదు, లోపల ఏముందో తెలిసి ఇష్టపూర్వకంగా వెళ్లింది, దొంగల భయం ఉన్న ఆ చోట కాపలా కుక్కను వదలడం అసమంజసం కాదని న్యాయమూర్తులు భావించారు. వీటిలో ఏదీ పాలు పోయడానికో పార్సిల్ ఇవ్వడానికో పగటిపూట వచ్చే మనిషికి వర్తించదు. పైగా కాపలా కుక్కల కోసమే ఇంగ్లండ్‌లో 1975లో తెచ్చిన చట్టం, ప్రతి ప్రవేశ ద్వారం దగ్గరా హెచ్చరిక తప్పనిసరిగా ఉండాలంటూనే, కుక్క ఎటూ తిరగలేనట్టు కట్టి ఉంటే తప్ప దాన్ని అదుపు చేయగల మనిషి అక్కడ ఉండి తీరాలంది. బోర్డును తప్పనిసరి చేసిన చట్టమే బోర్డుతో సరిపెట్టలేదన్నమాట.

కొన్ని చోట్ల బోర్డుకు ఇంతటి ప్రాధాన్యం కూడా లేదు. అమెరికాలోని కాలిఫోర్నియా సివిల్ స్మృతి 3342వ సెక్షన్ ప్రకారం, బహిరంగ స్థలంలో గాని, చట్టబద్ధంగా అడుగుపెట్టిన ప్రైవేటు స్థలంలో గాని కుక్క కరిస్తే, ఆ కుక్క అంతకుముందు ఎవరినైనా కరిచిందా, దాని స్వభావం యజమానికి తెలుసా అనే ప్రశ్నలతో నిమిత్తం లేకుండా యజమాని పరిహారం చెల్లించాల్సిందే. ఉత్తరాలు తెచ్చేవారు కూడా చట్టబద్ధంగా వచ్చినవారేనని ఆ సెక్షన్‌లోనే ఉంది.

ఇక బోర్డు ఎవరికి అందుతుందన్నది నన్ను మరీ ఎక్కువగా కలవరపెట్టే విషయం. బంతి కోసం గేటు దూకే పిల్లవాడు బోర్డు చదవడు, చదివినా ఆగడు. పెద్దలంత జాగ్రత్త పిల్లలకు ఉండదని స్వాధీనదారు ముందే ఊహించుకోవాలని నేను పైన చెప్పిన 1957 చట్టం ప్రత్యేకంగా పేర్కొంది. చదువు రానివారు, ఆ భాష తెలియనివారు, చూపు మందగించిన వృద్ధులు, దీపం లేని గేటు దగ్గరికి చీకటి పడ్డాక వచ్చే డెలివరీ కుర్రాళ్లు, వీరెవరికీ అక్షరాల హెచ్చరిక చేరదు. కాబట్టి బోర్డు మీద కుక్క బొమ్మ ఉండాలి, రాత్రి దాని మీద వెలుతురు పడాలి, తీగలూ పూలకుండీలూ దాన్ని కప్పేయకూడదు. ఇంట్లో పనిచేసేవారి పరిస్థితి ఇంకా క్లిష్టమైనది. కుక్క ఉందని వారికి రోజూ తెలుసు, అయినా జీవనోపాధి కోసం రాక తప్పదు. అలా ఉద్యోగంలో భాగంగా ఎదురయ్యే ప్రమాదాన్ని పనివారు ఇష్టపూర్వకంగా అంగీకరించినట్టు భావించరాదని 1971 నాటి చట్టం స్పష్టంగా చెప్పింది. అది మన చట్టం కాకపోవచ్చు గాని, అందులోని న్యాయం ఎక్కడైనా న్యాయమే.

బోర్డు పెడితే మన తప్పు ఒప్పుకున్నట్టేనన్న భయానికి మూలం లేకపోలేదు. సామాన్య న్యాయంలో, తన కుక్కకు కరిచే గుణం ఉందని యజమానికి ముందే తెలుసా అన్న ప్రశ్నకు చాలా విలువ ఉండేది, తెలిసి ఉంచుకున్నవారి బాధ్యత కఠినంగా ఉండేది. కానీ ఇంట్లో కుక్క ఉందని మాత్రమే చెప్పే బోర్డు దాని స్వభావం గురించి ఏమీ చెప్పదు, అలాంటి బోర్డులను కరవని కుక్కలు ఉన్న ఇళ్లవారూ పెడతారు. యజమానికి తెలుసని నిరూపించడానికి అంతకంటే బలమైన ఆధారాలు వేరే ఉంటాయి: ఇంతకుముందు జరిగిన కాటు, ఇరుగుపొరుగు చేసిన ఫిర్యాదులు, ఎవరైనా రాగానే కుక్కను గదిలో వేయమని ఇంటివారు వేసే కేకలు. బోర్డు తీసేసినంత మాత్రాన ఇవేవీ చెరిగిపోవు, పైగా తెలిసి కూడా హెచ్చరించలేదన్న మరో తప్పు వాటికి తోడవుతుంది. కుక్క నిజంగానే కరిచేదైతే బోర్డులో ఏ మాట రాయాలని తర్జనభర్జన పడేకంటే దాన్ని ఆవరణలో విడిగా వదలకపోవడమే యజమాని ముందు చేయాల్సిన పని.

మరో సంగతి చాలామంది మరిచిపోతారు. బోర్డు గేటును దాటి రాదు. కుక్క వీధిలోకి వచ్చినా, అపార్ట్‌మెంటు లిఫ్టులో గాని మెట్ల మీద గాని ఎదురైనా, ఇంటి తలుపు మీది హెచ్చరికకు ఏ విలువా లేదు. అక్కడ గొలుసూ, అవసరమైతే మూతికి కట్టే చిక్కమూ, గొలుసును గట్టిగా పట్టుకోగల పెద్ద మనిషీ ఉండాలి. పిల్లల కంటే బరువైన కుక్కను వారి చేతికిచ్చి బయటికి పంపడం కూడా నిర్లక్ష్యమే.

ఇదంతా కుక్కలంటే పడక రాస్తున్నది కాదు. కాటు జరిగిన తర్వాత కష్టం కరిపించుకున్నవారితో ఆగదు, ఆ కుక్కను ఎక్కడో దూరంగా వదిలేసి వచ్చే ఇళ్లు కూడా ఉన్నాయి. ఆవరణను సరిగా అమర్చుకుంటే తప్పిపోయే కష్టం అది. పెంపుడు కుక్కలకు లైసెన్సు ఇచ్చే స్థానిక సంస్థలు టీకా పత్రంతో పాటు, గేటుకు గొళ్లెం ఉందా, బెల్లు బయట ఉందా, మీటరు ఎక్కడుంది అనే మూడు ప్రశ్నలను కూడా దరఖాస్తులో చేర్చాలని, బోర్డు పెట్టినంత మాత్రాన చట్టపరమైన బాధ్యత తొలగిపోదన్న వాక్యాన్ని లైసెన్సు మీదనే ముద్రించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు