నువ్వు బాకీ పడ్డ రెండు లీటర్ల నూనె

హరారే, జింబాబ్వే,
19 అక్టోబరు 2025, ఆదివారం

ఒరే మామా,

నీ మెసేజ్ చూశాను. మీవాడు స్కూల్లో చూపించుకుంటాడని ఇక్కడి పాత వంద ట్రిలియన్ డాలర్ల నోటు ఒకటి పట్టుకురమ్మన్నావు. తెస్తాలే. కానీ అంతకన్నా ముందు నీకో సంగతి చెప్పాలి. ఫోన్లో చెబితే నవ్వేసి పక్కన పడేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నా. నువ్వు ఈ ఊళ్లో చీటీ ఎత్తేసి ఉడాయించినవాడివి రా. పదిహేడేళ్లయింది, నీ పద్దు ఇంకా పుస్తకంలో అలాగే ఉంది. నా కళ్లతో చూసొచ్చాను.

నిన్న శనివారం పనేమీ లేదు. వారమంతా హోటల్, మీటింగులు, మందుల రిజిస్ట్రేషన్ ఫైళ్లతోనే సరిపోయింది. పొద్దున్నే కోంబీ, అదే ఇక్కడి షేర్ వ్యాను, ఎక్కి మనమున్న బెల్వెడీర్ పేటకు పోయాను. కోంబీ ఏం మారలేదు. ముగ్గురు కూర్చునే సీట్లో నలుగుర్ని ఇరికించి "ఫోర్ ఫోర్" అని ఇప్పటికీ అరుస్తున్నారు. నా మోకాలు ఎవరి నడుముకు తగులుతోందో తెలియలేదు. జకరాండాలు బాగా పూశాయి. రోడ్డు కనిపించనంతగా ఊదారంగు పూలు. టైరు కింద పడితే టప్ టప్ అంటాయే, ఆ చప్పుడు విన్నాకే నిజంగా వచ్చాననిపించింది.

మనం అద్దెకున్న గుజరాతీ కాకా ఇల్లు చేతులు మారింది. గోడ ఎత్తు పెంచారు, పైన సోలార్ పలకలు, పక్కన పెద్ద నీళ్ల ట్యాంకు. ఆ వీధిలో ఇప్పుడు ఏ ఇంటికి చూసినా ఇవే. కుళాయిని, కరెంటును నమ్ముకునే రోజులు పోయాయి. స్తోమత ఉన్నవాడు బోరు వేయించుకున్నాడు, లేనివాడు బకెట్ పట్టుకుని బోరున్నవాడి గేటు దగ్గర నిలబడుతున్నాడు. మనం పెరట్లో ఉన్న ఆ రెండు గదులు మాత్రం అలాగే ఉన్నాయి.

మూల మీద చెట్టు కింద అంబుయా, ఇక్కడి మాటలో అవ్వ. అదే చోటు, అదే చెక్కపెట్టె, దాని మీద గోపురాల్లా పేర్చిన టమోటా కుప్పలు. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. నడుం కాస్త వంగింది, అంతే. నన్ను చూసి కళ్లు చికిలించింది. నేను వంగి చప్పట్లు తట్టి "మంగ్వానాని అంబుయా, మరారా సేయి" అన్నాను. నోరు దానంతటదే తిరిగింది రా! ఆవిడ దోసిలి బోలుగా పెట్టి మెల్లగా తట్టి, "న్దరారా కానా మరారావో" అంది.

మీవాడికి ఇది చదివి వినిపించు, అందుకే నీకు తెలిసినవీ రాస్తున్నా. "బాగా నిద్రపోయారా" అని అడిగితే ఇక్కడ "ఆ, పోయాను" అని ఊరుకోరు. "మీరు నిద్రపోయి ఉంటే నేనూ నిద్రపోయినట్టే" అంటారు. మనం దిగిన కొత్తలో నువ్వు ఈ మర్యాద తెలియక ఒకరోజు "ఎక్కడ నిద్ర అంబుయా, దోమలు పీక్కుతిన్నాయి" అన్నావు, గుర్తుందా? ఆవిడ ముఖం చిన్నబోయింది. సాయంత్రానికి నీలగిరి ఆకు కట్ట తెచ్చి మన గుమ్మం ముందు పొగ వేసింది. నువ్వు నిద్రపోలేదు కాబట్టి తనకూ నిద్ర లేనట్టే లెక్క!

నన్ను గుర్తుపట్టగానే "హుంగ్వే!" అని అరిచింది. మనకు తగిలించిన వంశం పేరు అది. ఇక్కడి షోనా వాళ్లకు మన గోత్రాల్లాగే ముటుపోలు ఉంటాయి కదా. సింహం, కోతి, చేప... ఒకే ముటుపో వాళ్లు పెళ్లి చేసుకోరు, గౌరవంగా పిలవాలంటే ఆ పేరుతోనే పిలుస్తారు. మన ముటుపో ఏదని అడిగితే నువ్వు భరద్వాజ అన్నావు. "అంటే ఏ జంతువు?" అంది. "పక్షి" అన్నావు. అయితే హుంగ్వే, గద్ద, అని అక్కడికక్కడే తేల్చేసింది. నా గోత్రం వేరని చెప్పినా వినలేదు. ఒకే గదిలో ఉంటూ రెండు గోత్రాలేంటని ఆవిడ వాదన.

తర్వాత నా భుజం వెనక్కి చూసి, "ఆ పొడుగాయన ఏడీ?" అంది.

రాలేదన్నాను. అనంతపురంలో ఉన్నాడు, పెళ్లయింది, కొడుకు ఎనిమిదో తరగతి అని చెప్పాను. అన్నీ విని తల ఊపి, లోపలికి వెళ్లి నోటుపుస్తకం తెచ్చింది. పిల్లలు రాసుకునే మామూలు పుస్తకం, వెనకట్ట మీద ఎక్కాలు ఉంటాయే, అది. అట్ట ఊడితే నల్లదారంతో కుట్టింది. వేలు తడుపుకుని పేజీలు తిప్పి ఒకచోట ఆపింది. పెన్సిల్‌తో గీసిన గళ్లు. పైన నెలలు, పక్కన పేర్లు. చివరి రెండు వరసల్లో ఇండియా 1, ఇండియా 2. నేను ఒకటి, నువ్వు రెండు. గడులన్నిట్లో టిక్కులు. నీ వరసలో, డిసెంబరు 2008 కింద, నూనె గడి ఖాళీ. దాని చుట్టూ గుండ్రంగా గీత.

మన ముకాండో రా మామా! మే నెలలో మొదలుపెట్టాం, ఎనిమిది మందిమి. మన చీటీపాట లాంటిదే, కాకపోతే పాటా లేదు, కమీషనూ లేదు. నెలకు ఒక్కొక్కరు రెండు లీటర్ల నూనె, రెండు కిలోల చక్కెర, ఒక బట్టల సబ్బు. అన్నీ ఆ నెల వంతు వచ్చినవాళ్లకు. డబ్బుతో చీటీ వేసే పరిస్థితి ఎక్కడుంది అప్పుడు? బ్యాంకు ముందు రాత్రంతా పడుకుని, తెల్లారాక వాళ్లిచ్చినంత తీసుకుని, బ్రెడ్డు క్యూలో నిలబడితే మన వంతు వచ్చేసరికి ధర మారిపోయేది. జులై లెక్క ప్రకారం ధరల పెరుగుదల ఏడాదికి 23 కోట్ల శాతం. ఆ తర్వాత ప్రభుత్వం లెక్క చెప్పడమే మానేసింది. నవంబరుకు ధరలు రోజుకు రెట్టింపవుతున్నాయని బయటివాళ్లు అంచనా కట్టారు. మన ఆఫీసులో జీతానికి బదులు పెట్రోలు కూపన్లు ఇచ్చిన నెల అది.

మీవాడు ఎందుకిలా అయిందని అడుగుతాడు. 2000 నుంచి తెల్లవాళ్ల పెద్ద పెద్ద పొలాలు హడావిడిగా లాక్కున్నారు, పంట పడిపోయింది, ఎగుమతి పడిపోయింది, ఖజానా ఖాళీ అయితే నోట్లు అచ్చేశారు. 2007లో ధరలు సగానికి తగ్గించాల్సిందేనని ఉత్తర్వు వేస్తే అంగళ్లలో అరలన్నీ ఖాళీ అయ్యాయి. ఆ భూములు అసలు మొదట ఎవరివి, ఎవరు ఎవరి దగ్గర లాక్కున్నారు అనే కథ ఇంకా పాతది. అది తీసేసి ఇది ఒక్కటే చెబితే అన్యాయం. అంబుయా తండ్రిని కూడా చిన్నప్పుడే మంచి నేల మీద నుంచి రాళ్ల నేలకు తోలేశారని ఆవిడే చెప్పేది కదా.

సరే, నూనె. అది ఊళ్లో ఎక్కడ దొరికేది? నెలకొకరు రాత్రి బస్సెక్కి, బైట్‌బ్రిడ్జ్ దగ్గర సరిహద్దు దాటి దక్షిణాఫ్రికాలోని ముసీనా పోయి మోసుకొచ్చేవాళ్లు. రానూ పోనూ రెండు రాత్రులు, సరిహద్దులో గంటల తరబడి లైను. ఆ నూనె అక్టోబరులో నీ వంతుకు వచ్చింది. ఏడుగురివి పద్నాలుగు లీటర్లు. నువ్వేం చేశావు? దాచుకున్నావా? దీపావళి అని వీధి మొత్తానికి మిరపకాయ బజ్జీలు వేశావు! కరెంటు లేదు. పెరట్లో రాళ్ల పొయ్యి, కాకా వాళ్లావిడ ఇచ్చిన శనగపిండి. ఆ పిల్లలు కారానికి ఎగురుతూ, మజోవే నారింజ షర్బత్ తాగుతూ, మళ్లీ బజ్జీకి చేయి చాపుతూ! వాళ్లలో ఒకడు 1999 ప్రపంచ కప్పులో లెస్టర్‌లో జింబాబ్వే మన మీద మూడు పరుగులతో గెలిచిన మ్యాచ్ ఎత్తాడు, ఒలోంగా ఒకే ఓవర్లో మూడు వికెట్లు తీశాడని. నువ్వు పంతానికి 1983లో వాళ్ల మీదే కపిల్ కొట్టిన 175 ఎత్తావు. వాడు పుట్టడానికి పదేళ్ల ముందు సంగతి! వాడు నీళ్లు నమలకుండా "అప్పుడు మీరు 17కి 5 వికెట్లు కదా" అన్నాడు. నిన్న ఆ కుర్రాడి గురించి అడిగాను. కేప్‌టౌన్‌లో ట్రక్కు నడుపుతున్నాడట. ఆ వీధి పిల్లల్లో సగం మంది ఇప్పుడు దేశంలో లేరు.

అంబుయా ఆ బజ్జీల రాత్రి గురించే చాలాసేపు మాట్లాడింది. వీధిలో నూనె కాగిన వాసన వచ్చి ఎన్ని నెలలైందో అప్పటికి, అంది. తర్వాత వాళ్లింట్లో తిన్న సాద్జా నాకు గుర్తొచ్చింది. మనకు సంగటి ఎలాగో వాళ్లకు సాద్జా అలాగ. మనది రాగి, వాళ్లది తెల్ల మొక్కజొన్న. పక్కన ఆకుకూరలో దోవి, అదే మన పల్లీ ముద్ద. నువ్వు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని "ఇందులో ఎండుమిర్చి వేస్తే ఊరిబిండే కదరా" అని ఏడవబోయావు. ఏడ్చావు కూడా. ఇప్పుడు కాదనకు.

డిసెంబరులో కలరా వార్తలు టీవీలో చూసి మీ అమ్మ రోజూ ఫోను. ఆవిడ భయపడటం తప్పు కాదులే. ఆ కొన్ని నెలల్లో నాలుగు వేల మందికి పైగా పోయారు. నువ్వు రెండు రోజుల్లో సర్దుకుని వెళ్లిపోయావు. నీ వంతు చక్కెర, సబ్బు వంటింట్లో పెట్టి వెళ్తే నేనే ఇచ్చాను. నూనె నువ్వు ముందే ఇచ్చావనుకున్నాను. ఆవిడా అడగలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు తెలిసిందేంటంటే డిసెంబరు వంతు ఎవరిదో కాదు, అంబుయాదే. చీటీ నడిపేది తను కాబట్టి అందరి తర్వాత, చివరన తీసుకుంది. క్రిస్మస్ ముందు ఆవిడ చేతికి రెండు లీటర్లు తక్కువ వచ్చాయి రా. నువ్వు వెళ్లే రోజు వేయించిన వేరుశనగ గింజలు మూటకట్టి ఇచ్చింది కూడా ఆవిడే. అవి తిని మీ అమ్మ "ఇవి మన పల్లె కాయలే కదా, అంత దూరం నుంచి ఎందుకు మోసుకొచ్చావు" అన్న సంగతి చెప్పాను. పగలబడి నవ్వింది.

నవ్వాక "అమ్మ ఎలా ఉంది?" అంది.

చెప్పాల్సి వచ్చింది మామా. రెండేళ్లయిందని చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. చేతులు మెల్లగా తట్టి ఏదో అంది, నాకు సగమే అర్థమైంది. తర్వాత కొంగుముడి లాంటిది విప్పి, మడతలు పడి, అంచు చిరిగి, మసిబట్టిన ఒక డాలరు నోటు తీసి నా చేతిలో పెట్టింది. చేమా అంటారు దాన్ని, చావింటికి ఇచ్చే సొమ్ము. మర్చిపోయి ఉంటావు. పొద్దుటి నుంచి అమ్మిన ఒక కుప్ప టమోటాల డబ్బు అది. వద్దంటే తప్పు, తీసుకున్నాను. పర్సులో విడిగా పెట్టాను.

నేను పక్క సందులో అంగడికి పోయి రెండు లీటర్ల సన్‌ఫ్లవర్ నూనె తెచ్చి పెట్టాను. సంతోషంగా తీసుకుంది, కానీ పెన్సిల్ ముట్టుకోలేదు. "ఇది నువ్వు తెచ్చిన చుట్టపు నూనె. అది అతని నూనె" అంది. గడి ఇప్పటికీ ఖాళీనే.

పుస్తకం తర్వాతి పేజీలు చూడాలి నువ్వు. 2009లో అమెరికా డాలర్లు వచ్చాక చీటీ డబ్బుతో నడిచింది. 2016లో డాలరుతో సమానమంటూ ఇక్కడే అచ్చేసిన బాండు నోట్లు వచ్చాయి, మళ్లీ చక్కెర, సబ్బు. 2019లో సొంత కరెన్సీ తిరిగొచ్చింది, చక్కెర, సబ్బు, నూనె. నిరుడు ఏప్రిల్‌లో బంగారం దన్ను ఉందంటూ జిగ్ అని ఇంకోటి తెచ్చారు. దానికి పుస్తకంలో చోటే లేదు. ఎందుకని అడిగితే, "నూనెలో సున్నాలు ఎవరూ కొట్టేయలేరు కదా" అంది. 2006లో మూడు, 2008లో పది, 2009లో పన్నెండు, డబ్బు మీద మొత్తం ఇరవై అయిదు సున్నాలు కొట్టేయడం చూసిన మనిషి.

ఇక నీ నోటు. అది 2009 జనవరిలో వచ్చింది, నువ్వు వెళ్లిపోయిన నెలకు. వంద ట్రిలియన్ అంటే మన లెక్కలో కోటి కోట్లు. మీవాడికి అలా చెప్పు, సున్నాలు లెక్కపెట్టుకుంటాడు. 2015లో పాత నోట్లు వెనక్కి తీసుకున్నప్పుడు దానికి 40 సెంట్లు ఇచ్చారు. ఇప్పుడు సరదాగా దాచుకునేవాళ్లు మంచి నోటుకు వంద అమెరికా డాలర్ల పైనే పెడుతున్నారట. అంబుయాను ఎక్కడ దొరుకుతుందని అడిగితే లోపల్నుంచి బిస్కెట్ డబ్బా తెచ్చింది. మనవరాళ్లు అంగడి ఆట ఆడుకున్న నోట్లు. వాటిలో మడత తక్కువున్నది ఒకటి ఏరి, ముందువైపు ఆ దొంతర రాళ్ల బొమ్మ మీద మట్టి కట్టుగుడ్డతో తుడిచి ఇచ్చింది. డబ్బిస్తానంటే తిట్టింది. ఇప్పుడు అమ్మితే ఎంత వస్తుందో కూడా చెప్పాను. "పిల్లాడు అడిగాడు కదా" అంది, అంతే.

నాకు 27న విమానం. నోటు, ఆ డాలరు, రెండూ నీ చేతికే ఇస్తాను, కొరియర్ చేయను. నూనె విషయం మాత్రం ఆవిడ గట్టిగా చెప్పింది. అంగట్లో దొరికే నూనె కాదట. ఆ పల్లీలు పండే ఊరి నుంచే కావాలట, గానుగ నూనె. రెండు లీటర్లు, సంచిలో కారకుండా మూత మీద మైనం పెట్టించు. చెకిన్ సామాన్లో వేసుకోవాలి, చేతి సంచిలో రానివ్వరు. మీవాడికి ఎండాకాలం సెలవులు ఎప్పుడిస్తారో రాయి, టిక్కెట్ల సంగతి నేను చూస్తాను.

నీ,
ఇండియా 1