బస్సు తీసేశాక భోజనానికి ఎలా రమ్మంటారు? కౌంటీ (జిల్లా) కౌన్సిల్ రవాణా కౌన్సిలర్ గారికి బహిరంగ లేఖ

కౌన్సిలర్ గారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇంగ్లీషులో రాయాల్సినవన్నీ రాసేశాం. మా పారిష్ కౌన్సిల్ (మన పంచాయతీ లాంటిది) తీర్మానం చేసి పంపింది. విలేజ్ హాల్ కమిటీ తరఫున నేను రాశాను. ఊరంతా సంతకాలు చేసిన అర్జీ తీసుకొచ్చి మీ ఆఫీసులో ఇచ్చి రసీదు కూడా పుచ్చుకున్నాం. అన్నిటికీ కలిపి వచ్చిన జవాబు ఒకటే: మీ అభిప్రాయాన్ని నమోదు చేసుకున్నాం. ఆ మెయిల్‌కి తిరిగి జవాబు రాయొద్దని కింద ఇంకో లైను. తెలుగులో రాస్తే కనీసం 'మాకు అర్థం కాలేదు' అని మీరు నిజాయితీగా చెప్పుకోవచ్చు. ఉద్యోగాల కోసం ఇంగ్లండు వచ్చి ఇలాంటి పల్లెల్లో స్థిరపడిన మావాళ్లు కొందరున్నారు, వాళ్లయినా చదువుతారు.

మా ఊరి పేరు రాయడం లేదు. రాశాక కూడా మీకు గుర్తు రాకపోతే ఆ బాధ వేరు. చర్చి, పబ్బు, హాలు, బాతుల చెరువు, ఎర్ర టెలిఫోను డబ్బా. ఆ డబ్బాలో ఇప్పుడు ఫోను లేదు, గుండె ఆగితే వాడే డిఫిబ్రిలేటర్ ఉంది. ఇలాంటి ఊళ్లు మీ కింద చాలానే ఉంటాయి. రోజూ వచ్చే బస్సును ముందు వారానికి మూడు రోజులు చేశారు, తర్వాత బుధవారం ఒక్కటే ఉంచారు, కిందటి సెప్టెంబరులో అదీ తీసేశారు. ఆ ఊరు మాది.

హాలు సంగతి మీకు తెలిసే ఉంటుంది, మీ కరపత్రం మీద దాని ఫొటో వేసుకున్నారు కదా. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన ఊరి కుర్రాళ్ల గుర్తుగా కట్టారు. వాళ్ల పేర్లు గుమ్మం పక్కన చెక్క పలక మీద ఉన్నాయి. కప్పు ఏటా ఒక చోట కారుతుంది, ఏటా ఒక చోట అతుకు వేస్తాం. ఆ డబ్బు జూన్‌లో మేం పెట్టే ఊరి పండగ నుంచి వస్తుంది: టోంబోలా (చీటీల లాటరీ), కేకుల బల్ల, పాత పుస్తకాలు, కొబ్బరికాయల్ని బంతితో కొట్టే ఆట. (కొబ్బరికాయ మీద బంతి విసరడం నాకిప్పటికీ మింగుడు పడదు. మా అమ్మ చూస్తే లెంపలేసుకుంటుంది.)

హాలు బుకింగుల పుస్తకం నా దగ్గరే ఉంటుంది. సోమవారం యోగా నడుస్తోంది, వచ్చేవాళ్లందరికీ కార్లున్నాయి. మంగళవారం పసిపిల్లల బృందం ఆగిపోయింది. నెలలో రెండో గురువారం విమెన్స్ ఇన్‌స్టిట్యూట్ (ఆడవాళ్ల సంఘం) సమావేశానికి పక్క ఊళ్ల వాళ్లు రావడం మానేశారు. మా దగ్గర హాలుంది, పక్క ఊళ్లో డాక్టరు సర్జరీ (ఇక్కడ క్లినిక్కుని అలాగే అంటారు) ఉంది, ఆ పైదాంట్లో పోస్టాఫీసు ఉంది, ఇంకోదాంట్లో పాటల బృందం ఉంది. ఏ ఊళ్లోనూ అన్నీ లేవు. బస్సు ఉన్నన్నాళ్లూ ఆరు ఊళ్లు కలిసి ఒక ఊరులా బతికాయి. మీ మ్యాపులో అది ఒక గీత, దానికో నెంబరు, అంతే.

బుధవారం లంచ్ క్లబ్బు గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి. పన్నెండున్నరకి మొదలు. వంట మేమే చేస్తాం. చలికాలంలో నేను పప్పుచారు పెడితే సూపు గిన్నెల్లో పోసుకుని తాగి, మళ్లీ పోయమంటారు. ఉప్పు వాళ్ల లెక్కన వేయాలి, కారం మాత్రం నా లెక్కన వేయకూడదు. తినడం అరగంట పని. మిగతాదంతా కబుర్లు. ఎవరికి కంటి ఆపరేషను తేదీ వచ్చింది, ఎవరి కొడుకు ఆస్ట్రేలియా నుంచి ఫోను చేశాడు, ఈసారి ఎవరి తోటలో బీన్సు ముందు కాశాయి. ఒక పెద్దావిడ మాత్రం ఏమీ మాట్లాడరు. వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుని అందరి మాటలూ వింటారు. ఆవిడకి కావలసింది అదే.

తిరుగు బస్సు మొదట్లో 2.50కి ఉండేది. టైంటేబుల్‌ను 'సరళం' చేస్తున్నామని 1.25కి మార్చారు. అప్పటి నుంచి పక్క ఊళ్ల వాళ్లు కోటు విప్పడం మానేశారు. చెంచా చేతిలో, చూపు గడియారం మీద. మెయిన్ కోర్సు ముగియగానే లేచేవాళ్లు. చివర్లో పెట్టే తీపి, యాపిల్ క్రంబుల్‌ను ఫాయిల్‌లో చుట్టి, కస్టర్డ్‌ను ఖాళీ జామ్ సీసాలో పోసి చేతికిచ్చేవాళ్లం. ఒక పెద్దాయన ఆ సీసాను చల్లారకుండా కోటు లోపల పెట్టుకుని బస్సెక్కేవారు. మళ్లీ బుధవారం కడిగి తెచ్చి ఇచ్చేవారు. ఆఖరికి ఆ 1.25 బస్సు కూడా పోయింది. సీసాలు మిగిలాయి. మీ ఆఫీసుకేమైనా పనికొస్తే పంపిస్తాం.

ఇక మీ లెక్కలు. ఒక్కో ప్రయాణికుడి మీద కౌన్సిల్‌కు పడే సబ్సిడీ ఎక్కువైందన్నారు. రోజూ నడిచిన కాలంలో కూడా ఉదయం బస్సులో జనం లేరన్నారు. నిజమే, లేరు. ఎందుకు లేరో ఎవరైనా దిగి అడిగారా? ఆ బస్సు మా స్టాపుకి 9.20కి వచ్చేది. పెద్దవాళ్ల ఉచిత పాసు సోమవారం నుంచి శుక్రవారం దాకా 9.30కి ముందు చెల్లదు. పది నిమిషాల కోసం టికెట్ ఎందుకు కొనాలని తర్వాతి బస్సుకి ఆగేవాళ్లు. ఆ తర్వాతి బస్సు వచ్చేది రెండు గంటలు గడిచాక! 9.30కి ముందు కూడా పాసు చెల్లేట్టు చేసే వీలు స్థానిక అధికారులకు ఉంది, కొన్ని చోట్ల చేస్తున్నారు కూడా. అది కుదరకపోతే బస్సును పది నిమిషాలు ఆలస్యంగా నడపొచ్చు. రెండూ చేయకుండా, పాసు చెల్లని బస్సులో పాసుల వాళ్లు కనపడలేదని లెక్క తేల్చారు. ఆ లెక్క వేసిన వారికి నా దండం.

పై ప్రభుత్వం టికెట్ ధరకు పరిమితి పెట్టింది, 2023 జనవరిలో రెండు పౌండ్లు, 2025 జనవరి నుంచి మూడు. సంతోషం. రాని బస్సుకి మూడైతేనేం, ముప్ఫై అయితేనేం? 1986లో లండన్ బయట బస్సుల్ని కంపెనీల చేతికి వదిలేసినప్పటి నుంచి లాభం లేని దారిలో ఎవరూ నడపరని మాకూ తెలుసు. వాళ్లు నడపని చోట జనం అవసరం చూడాల్సింది కౌన్సిల్ అని 1985 రవాణా చట్టంలోనే ఉంది. మీకు తగినదని తోచినంత మేరకు అని కూడా ఉందనుకోండి. మీ విభాగం మొత్తం ఆ ఒక్క ముక్క మీదే నిలబడి ఉందని నాకు అనుమానం.

బస్సు బదులు వ్యాను ఇచ్చాం కదా అంటారు. ఇచ్చారు. యాప్‌లో బుక్ చేసుకుంటే గుమ్మం ముందుకే వస్తుందని మా హాల్లోనే మీ అధికారి స్లైడ్లు వేసి చూపించారు. ఏ ఊరూ, ఏ మనిషీ ఒంటరిగా మిగిలిపోరని మాటిచ్చారు. సిగ్నల్ లేక ఆ యాప్ ఆయన ఫోనులోనే తెరుచుకోలేదు. మా ఊళ్లో సిగ్నల్ దొరికేది చర్చి ప్రహరీ దగ్గర. వ్యాను కావాలంటే సమాధుల మధ్య నిలబడి అడగాలి. ఫోను చేసి కూడా బుక్ చేసుకోవచ్చు, ఆఫీసు వేళల్లో, మీరు పెట్టిన సంగీతం వింటూ. మధ్యాహ్నం రెండున్నర నుంచి వ్యాన్లు బడిపిల్లల్ని దింపడానికి వెళ్లిపోతాయి, సరిగ్గా మా భోజనాలు ముగిసే వేళకి. దాంతో రావడానికి సీటు దొరుకుతుంది, పోవడానికి దొరకదు.

ఏమీ మాట్లాడరని చెప్పానే, ఆ పెద్దావిడ ఒక బుధవారం మీ వ్యానులోనే వచ్చారు. తిరుగు ప్రయాణం కుదరలేదని మెసేజ్ పంపారట. హాల్లో సిగ్నల్ లేదు కదా, ఇంటికి వెళ్లాకే చూసుకున్నారు. మేం కుర్చీలు మడిచి, నేల తుడిచి, గిన్నెలు సర్దేదాకా ఆవిడ కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చునే ఉన్నారు. వ్యాను వస్తుందనే అనుకుంటున్నారు. చివరికి చర్చిలో పూలు సర్దడానికి వచ్చిన ఒకాయన కారులో దింపి వచ్చారు. ఆవిడ మళ్లీ రాలేదు. ఫోను చేస్తే, మీ అందరికీ ఇబ్బంది ఎందుకులే అంటారు.

ఊళ్లో కార్లున్నవాళ్లు సాయం చేయొచ్చు కదా అని మీ ఆఫీసు నుంచి ఒక ఉచిత సలహా కూడా వచ్చింది. చేస్తున్నారండీ. మైలుకు 45 పెన్నీలు తీసుకుని, అవి కూడా హాలు డబ్బాలో వేసి వెళ్తున్నారు. కాకపోతే ఆ డ్రైవర్లూ డెబ్బై దాటినవాళ్లే. మూడేళ్లకోసారి లైసెన్సు మళ్లీ తీసుకోవాలి. ఈసారి తీసుకోనని ఒకాయన ఇప్పటికే చెప్పేశారు. దింపేవాళ్లు దింపించుకునేవాళ్లయిపోయే రోజు ఎంతో దూరం లేదు.

ముసలివాళ్ల గొడవ అని పక్కన పెట్టేస్తారేమో, పిల్లల సంగతీ వినండి. చర్చి గంటలు మోగించే బృందంలో పదహారు దాటిన అమ్మాయి ఒకతి ఉంది. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా చదువో శిక్షణో తప్పనిసరి అన్నారు, బాగుంది. ఉచిత రవాణా హక్కు మాత్రం పదహారుతో ఆగిపోతుంది. బస్సు పోయాక ఆ అమ్మాయిని టౌనులో కాలేజీకి రోజూ వాళ్లమ్మే దింపి తేవాలి. మంగళవారం పసిపిల్లల బృందాన్ని నడిపింది ఆ తల్లే. ఆ బృందం ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలిసిందిగా. ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల సంగతి ఎత్తడం లేదు, ఎత్తితే ఈ ఉత్తరం ముగియదు.

2018లో ఈ దేశం ఒంటరితనం సంగతి చూడటానికి ఏకంగా ఒక మంత్రిని పెట్టింది. దానికీ మంత్రా అని మా నాన్న నవ్వారు. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడే ఊళ్లో, టీవీ తప్ప మనిషి గొంతు వినని ఇళ్లు చూశాక నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు సర్జరీల్లో లింక్ వర్కర్లు అని ఉంటున్నారు. ఒంటరిగా ఉన్నవాళ్లతో కూర్చుని మాట్లాడి, తోటపనికో, పాటల బృందానికో, భోజనాల క్లబ్బుకో పంపుతారు. సోషల్ ప్రిస్క్రైబింగ్ అంటారు, నిజంగా మంచి పని. మా పక్క ఊరి సర్జరీ జాబితాలో మా బుధవారం భోజనాలు ఉన్నాయి. మీ కౌన్సిల్ జాబితాలోనూ ఉన్నాయి, పక్కన బస్సు బొమ్మతో సహా. అంటే మనిషిని మా దగ్గరికి పంపేదీ మీరే, వచ్చే దారి మూసేదీ మీరే. వైద్యం వేరు, రవాణా వేరు, బడ్జెట్లు వేరు అంటారని తెలుసు. స్టాపులో నిలబడ్డ మనిషికి ఆ శాఖలన్నీ ఒకటేనండీ.

మా అమ్మ ఫోనులో అడుగుతుంది, "తెనాలి నుంచి మనూరికి పల్లెవెలుగు వస్తోంది కదే, ఇంగ్లండులో రాదా?" అని. ఏం చెప్పమంటారు?

మాకేం కావాలో మళ్లీ రాస్తున్నాను, ఇదివరకు రాసినవి ఏ ఫైలులో ఉన్నాయో తెలియదు కాబట్టి. బుధవారం బస్సు కావాలి. 2.50 తిరుగు బస్సు కావాలి. రోజూ కావాలని అడిగే ధైర్యం పోయింది, అయినా అడుగుతున్నాం. వ్యానే దిక్కంటే, వచ్చిన మనిషిని తిరిగి తీసుకెళ్తామన్న హామీతో నడపండి. జనాన్ని లెక్కపెట్టాలనుకుంటే 9.30 తర్వాత లెక్కపెట్టండి, బస్సులోనే కాదు, మా హాల్లో కూడా. ఇవేవీ కాకపోతే కనీసం ఒక మనిషి రాసిన జవాబు కావాలి, కింద పేరుతో. పారిష్ కౌన్సిల్ నెలనెలా కూర్చుంటుంది. అజెండాలో డ్రైన్లకీ కుక్కల మలానికీ మధ్య 'బస్సు' అనే అంశం శాశ్వతంగా ఉండిపోయింది. మీరు ఏ నెల వచ్చినా వినడానికి మేమున్నాం. మాట్లాడటానికి మీరు రావాలి. బుధవారం బస్సు కావాలి, అది చెప్పానా?

ఇట్లు,
విలేజ్ హాల్ బుకింగులు చూసే మనిషి

తా.క. స్టాపులో పాత టైంటేబుల్ అద్దం వెనక ఇంకా అలాగే ఉంది. వేసవిలో పొలాల వెంట నడకకి వచ్చే బయటి ఊళ్ల వాళ్లు అది చదివి, బూట్లు విప్పుకుని, బస్సు కోసం కూర్చుంటున్నారు. హాల్లో ఎవరున్నా బయటికెళ్లి, బస్సు రాదని చెప్పి, టాక్సీ నెంబరు ఇచ్చి వస్తున్నాం. బస్సు ఎలాగూ ఇవ్వరు, ఆ కాగితమైనా తీయించండి.