యుంగ్‌ఫ్రౌ రోజును ఇకపై ముందుగా ప్రకటించము

మా వెంట ఆల్ప్స్ యాత్రకు వచ్చి వెళ్లిన దంపతులకు, రాబోయే వేసవికి అడ్వాన్సు కట్టినవారికి నమస్కారం. విజయవాడలో మేమిద్దరం నడుపుతున్న ఈ చిన్న సంస్థ ఆరు వేసవులుగా దంపతులను మాత్రమే, అదీ స్విట్జర్లాండ్‌కు మాత్రమే తీసుకువెళ్తోంది. ప్రత్యేక బస్సు పెట్టకుండా, అక్కడివాళ్లు రోజూ ఎక్కే రైళ్లలో, పసుపురంగు పోస్టు బస్సుల్లో, సరస్సు పడవల్లో, రోప్‌వేల్లోనే తిప్పుతామన్నది మా మాట. ఆఫీసు, లెక్కలు మావారు చూసుకుంటారు. గైడ్‌గా మీ వెంట వచ్చేది నేను. కనుక గత జూన్ యాత్రలో జరిగిన పొరపాట్లకు ఇంకెవరినీ చూపే వీలు నాకు లేదు. అవేమిటో, వాటివల్ల ఈసారి ఏం మారుతోందో, ధర ఎందుకు పెరుగుతోందో దాచకుండా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అన్నిటికన్నా పెద్దది యుంగ్‌ఫ్రౌయోక్ రోజు. యుంగ్‌ఫ్రౌ, మోంఖ్ అనే రెండు శిఖరాల నడుమ 3,454 మీటర్ల ఎత్తున ఉన్న ఈ కనుమ దాకా రైలు పోతుంది. 1896లో మొదలుపెట్టి, కొండ కడుపులో ఏడు కిలోమీటర్లకు పైగా సొరంగం తొలిచి, 1912లో పూర్తిచేసిన పళ్ల పట్టాల మార్గం అది, అంటే నిటారు ఎక్కులో రైలు జారకుండా పట్టాల నడుమ దంతాల కమ్మీ ఉంటుంది. అక్కడినుంచి కిందికి జారుతున్న ఆలెచ్ హిమానీనదం ఆల్ప్స్ మొత్తంలోకి పొడవైనది. మన వాళ్లలో చాలామంది ఈ ఒక్క రోజు కోసమే ఇంత ఖర్చు పెట్టుకుని వస్తారని నాకు తెలుసు. అందుకే కరపత్రంలో "నాలుగో రోజు: యుంగ్‌ఫ్రౌయోక్" అని అచ్చువేయించి, మూడు నెలల ముందే టిక్కెట్లు కొనిపెట్టేదాన్ని. ప్రతి రోజుకూ ఎదురుగా ఒక పేరు కనిపిస్తే మీకు ధైర్యంగా ఉంటుంది, నాకు లెక్క సులువవుతుంది. కొండ మీద మబ్బుకు మా కరపత్రంతో పనేముంటుంది?

ఆ నాలుగో రోజు పొద్దున్నే హోటల్ భోజనశాలలో గోడకున్న చిన్న టీవీలో శిఖరాల మీది కెమెరాల దృశ్యాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. యుంగ్‌ఫ్రౌయోక్ వంతు వచ్చినప్పుడల్లా తెరంతా తడిసిన సిమెంటు గోడలా బూడిదరంగుకు మారిపోతోంది. చూసి కూడా, కొన్న టిక్కెట్లు వృథా అవుతాయన్న లెక్కతో, "పైకి వెళ్లేసరికి విడిపోతుందిలెండి" అని చెప్పి అందరినీ బయలుదేరదీశాను. విడిపోలేదు. పైన గాజు గది కిటికీలకు అవతల రెండు గంటలపాటు తెలుపు తప్ప మరేమీ లేదు. హిమానీనదం ఎటువైపు ఉంటుందో నేను వేలితో చూపిస్తుంటే, తెనాలి నుంచి వచ్చిన రిటైర్డు లెక్చరర్‌గారు మెల్లగా అన్నారు: "అమ్మా, మంచు చూపిస్తామంటే వచ్చాం గానీ, అది పొగమంచని ముందే చెప్పాల్సింది." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మర్నాడు ఉదయం లూసెర్న్ రైలు కోసం సూట్‌కేసులతో నడుస్తూ మేము బస చేసిన ఇంటర్‌లాకెన్ ఊళ్లో హోటళ్ల ఎదుటి పెద్ద మైదానం పక్కకు వచ్చేసరికి, యుంగ్‌ఫ్రౌ శిఖరం కడిగిన పళ్లెంలా నిలబడి ఉంది. అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దం నాకు ఇంకా గుర్తుంది.

అందుచేత ఈ వేసవి నుంచి యుంగ్‌ఫ్రౌకు ఫలానా రోజు అని మేము రాయము. ఇంటర్‌లాకెన్ ప్రాంతంలో ఒకే బసలో ఐదు రాత్రులు ఉంటాం. ముందురోజు రాత్రి వాతావరణ సూచన, ఆ పొద్దున కెమెరా రెండూ చూసి, తేటగా ఉన్న రోజునే టిక్కెట్లు కొని బయలుదేరతాం. ఇందులో ఒక చిక్కు ఉందని ముందే చెప్పాలి. వేసవి రద్దీలో, వాతావరణం బాగున్న రోజున అందరూ అదే పని చేస్తారు కనుక, మనకు కావలసిన రైలులో చోటు దొరకక ఒకటి రెండు గంటలు ఆగవలసి రావచ్చు. గంట ఆగి కొండను చూడటమా, వేళకు వెళ్లి గోడను చూడటమా అంటే నేను మొదటిదే ఎంచుకుంటాను. ఐదు రోజులూ మబ్బే అయితే యుంగ్‌ఫ్రౌకు వెళ్లం, ఆ టిక్కెట్టు డబ్బు మొత్తం మీకు తిరిగి ఇచ్చేస్తాం.

మబ్బు రోజున గదిలో కూర్చోబెడతారా అని ఇప్పటికే ఇద్దరు ఫోను చేసి అడిగారు. ఆ లోయలో మబ్బు పట్టినప్పుడు చూడవలసినవి వేరే ఉన్నాయి. ట్రుమ్మెల్‌బాఖ్ జలపాతాలు కొండ లోపలే ఉంటాయి. ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రౌ శిఖరాల మీది హిమానీనదాలు కరిగిన నీరు పది జలపాతాలుగా రాతి గొంతులో పడుతుంది. ప్రవాహం బాగా ఉన్నప్పుడు సెకనుకు 20,000 లీటర్ల దాకా ఉంటుందంటారు. లోపల పక్కనున్న మనిషి మాట వినబడదు, కాళ్ల కింద మెట్టు అదురుతుంది. మా యాత్రికులు చాలామంది ఇంటికి వచ్చాక శిఖరం కన్నా ఎక్కువగా చెప్పుకున్నది దీని గురించే. దారిలోనే లౌటర్‌బ్రునెన్ ఊరి మీదికి 297 మీటర్ల నుంచి దూకే స్టౌబ్‌బాఖ్ ఉంది; గాలికి నీళ్లు ధూళిలా చెదిరిపోతాయి కనుక, అక్కడివాళ్ల జర్మన్ భాషలో ధూళి అనే మాటతోనే దానికి పేరు పెట్టారు. బ్రియెంజ్ సరస్సు మీద పడవలో గీస్‌బాఖ్ అనే మరో జలపాతానికి పోవచ్చు. పడవకు, బస్సుకు మీ స్విస్ ట్రావెల్ పాసు (రైళ్లు, బస్సులు, పడవలు అన్నిటికీ కలిపి ముందే కొనే టిక్కెట్టు) చెల్లుతుంది, ట్రుమ్మెల్‌బాఖ్ లోపలికి వెళ్లడానికి మాత్రం టిక్కెట్టు వేరు.

పాసు మాట వచ్చింది కనుక మరో తప్పును దిద్దుకోవాలి. మా పాత కరపత్రంలో "ప్రయాణాలన్నీ స్విస్ ట్రావెల్ పాసులోనే" అని ఉండేది. అది పూర్తిగా నిజం కాదు. రైళ్లు, ఊరి బస్సులు, సరస్సు పడవలు దానిలోనే వస్తాయి. రిగి కొండ రైలు కూడా, అంటే 1871లో యూరప్‌లో మొట్టమొదట నడిచిన కొండ రైలు, పాసుతో ఉచితమే. కానీ యుంగ్‌ఫ్రౌ వైపు దారిలోని వెంగెన్, గ్రిండెల్వాల్డ్ ఊళ్ల వరకే చెల్లుతుంది. ఆ పైన 25 శాతం తగ్గింపు మాత్రమే. పిలాటుస్ కొండకు, జెర్మాట్ ఊరి పైనున్న గోర్నర్‌గ్రాట్ కొండకు సగం ధర కట్టాలి. గత ఏడాది ఆ తేడాను నేను మీ దగ్గర అక్కడికక్కడ వసూలు చేశాను, కొందరికి అది నచ్చలేదు, నచ్చకపోవడం న్యాయమే. ఈసారి అవన్నీ మేము చెప్పే ధరలోనే కలిపి ఉంటాయి.

ఇక రైలు విడిపోయిన సంగతి. ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషన్‌లో కొండల వైపు పోయే రైలు ఒక్కటే కనిపిస్తుంది గానీ, నిజానికి అది రెండు రైళ్లు. కొద్ది నిమిషాల్లో వచ్చే త్స్వైలూట్షినెన్ అనే చిన్న స్టేషన్‌లో రెండుగా విడిపోయి, ఒక సగం లౌటర్‌బ్రునెన్‌కు, మరో సగం గ్రిండెల్వాల్డ్‌కు పోతుంది. ఏ బోగీలు ఎటు పోతాయో ప్లాట్‌ఫారం మీది బోర్డులో అక్షరాల వారీగా రాసి ఉంటుంది. గత జూన్‌లో రాజమండ్రి దంపతులు కిటికీ పక్క సీట్లు వెతుక్కుంటూ ముందుకు నడిచి, తెలియకుండానే అవతలి సగంలో కూర్చున్నారు. మేము లౌటర్‌బ్రునెన్‌లో దిగి తలలు లెక్కపెట్టుకునే వేళకు వాళ్లు మరో లోయలో ఉన్నారు. ఆయన ఫోనులో డేటా లేదు. అంతకన్నా ఘోరం, అందరి పాసులూ నా ఫోనులోనే పెట్టుకున్నాను. మీకెందుకు శ్రమ అన్న అతి తెలివి నాది. టిక్కెట్లు తనిఖీ చేసే ఉద్యోగి వచ్చి అడిగితే చూపించడానికి వాళ్ల దగ్గర ఏమీ లేకపోయింది, జరిమానా పడింది. ఆ సొమ్ము మేము ఆ వారంలోనే తిరిగి ఇచ్చాం. కానీ అరవై దాటిన ఇద్దరు మనుషులు పరాయి దేశంలో దొంగ ప్రయాణికుల్లా నిలబడవలసి వచ్చినందుకు ఏ సొమ్మూ సరిపోదు.

ఇకనుంచి ఇద్దరి ఫోనుల్లోనూ పాసులు, అక్కడ పనిచేసే డేటా ఇక్కడ విమానం ఎక్కకముందే వేయించి, తెరిచి చూపించి మరీ పంపుతాం. కాగితం ప్రతి ఒకటి పాస్‌పోర్టుతోపాటు ఉంటుంది, ఎందుకంటే ఆ పాసు మీ పేరు మీదే ఉంటుంది, పాస్‌పోర్టు లేకుండా చెల్లదు. ఆరు జంటలను ఒక్కదాన్ని చూసుకోగలనన్న నమ్మకం కూడా ఆ రోజుతో పోయింది. ఇక నాలుగు జంటలకు మించి తీసుకోము. ధర పెరగడానికి అసలు కారణం ఇదే. నా ప్రయాణ ఖర్చు ఆరు జంటల మీద కాక నాలుగింటి మీద పడుతుంది. దానికి తోడు పైన చెప్పిన కొండ టిక్కెట్లు. మొత్తం మీద జంటకు 38,000 రూపాయలు పెరుగుతుంది. తగ్గించే మార్గం కోసం మావారు చాలా రాత్రులు లెక్కలు వేశారు. ఐదో జంటను తీసుకుంటే తప్ప తగ్గదని తేలింది, అది నాకు ఇష్టం లేదు.

వయసు మళ్లినవారి కోసం ఒక చిన్న మార్పు చేశాను. 2020 డిసెంబరులో మొదలైన ఐగర్ ఎక్స్‌ప్రెస్ రోప్‌వే గ్రిండెల్వాల్డ్ నుంచి ఐగర్ హిమానీనదం స్టేషన్‌కు 15 నిమిషాల్లో ఎత్తేస్తుంది. వేగం బాగానే ఉంది, కానీ అంత త్వరగా పైకి వెళితే కొందరికి తల తిరుగుతుంది, అడుగు తేలిపోతుంది. కాబట్టి ఎక్కేటప్పుడు వెంగెన్ మీదుగా, 2,061 మీటర్ల ఎత్తునున్న క్లైనె షైడెగ్‌లో దిగి, ఒక కప్పు టీ తాగి, నెమ్మదిగా వెళ్తాం. దిగేటప్పుడు రోప్‌వేలో వస్తాం. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్నవారు దయచేసి ముందుగా మీ డాక్టరును అడగండి, నన్ను మొహమాటపెట్టకండి.

సామాను గురించి ఏటా చెబుతూనే ఉన్నాను, ఏటా మీరు నవ్వుతూనే ఉన్నారు. ఇంటర్‌లాకెన్ నుంచి జెర్మాట్‌కు పోవాలంటే స్పీజ్‌లో ఒకసారి, విస్ప్‌లో ఒకసారి మారాలి; మారడానికి చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే. ఆ రైలు మన కోసం ఆగదు. మనిషికి ఒక సూట్‌కేసు, అది మీరే ఎత్తగలిగినంత బరువు. ఈసారి ఆ మజిలీకి పెద్ద సామానును స్టేషన్ నుంచి స్టేషన్‌కు పంపే సేవను మేమే కట్టి పెడుతున్నాం. అది చేరడానికి రెండు రోజులు పడుతుంది కనుక భుజాన వేసుకునే సంచిలో రెండు జతల బట్టలు, మందులు ఉంచుకోండి. ఆవకాయ తెచ్చుకోండి, కందిపొడి తెచ్చుకోండి. నెయ్యి సీసా, పాలకోవా మాత్రం వద్దు: బయటి దేశాలనుంచి పాల పదార్థాలు, మాంసం తేవడం అక్కడ నిషిద్ధం.

ఏప్రిల్ చివర, నవంబరు యాత్రలను పూర్తిగా ఆపేశాం. తక్కువ ధర చూసి ఒకసారి నవంబరులో తీసుకువెళ్లాను. ఆ నెలల్లో చాలా రోప్‌వేలను మరమ్మతుల కోసం మూసేస్తారు, ప్రపంచంలోకెల్లా నిటారుగా ఎక్కే పిలాటుస్ పళ్ల పట్టాల రైలు చలికాలమంతా నడవదు. హోటల్ సగం ధరకు దొరికింది, చూడటానికి మాత్రం సరస్సు తప్ప ఏమీ మిగలలేదు.

వీసా విషయంలో మేము కాగితాలు సర్దిపెట్టగలమే గానీ, వస్తుందని హామీ ఇవ్వలేము. స్విట్జర్లాండ్‌కు కావలసిన షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. తిరస్కరించినా అది తిరిగి రాదు. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచే దరఖాస్తు చేసుకోవచ్చు కనుక, ముఖ్యంగా పెళ్లయ్యాక పాస్‌పోర్టులో ఇంటిపేరు మారినవారు, మారవలసినవారు ఆలస్యం చేయవద్దు.

రాబోయే జూన్‌కు ఇప్పటికే అడ్వాన్సు కట్టిన ఐదు జంటలకు పెరిగిన ధర వర్తించదు. పాత ధరకే కొత్త పద్ధతిలో వస్తారు. నాలుగు జంటలే అన్నాను కదా, ఐదోవారి మాటేమిటంటే, వారిలో ఎవరైనా ఇష్టపడి సెప్టెంబరు మొదటి వారానికి మారితే, రిగి మీద ఒక రాత్రి బస అదనపు ఖర్చు లేకుండా ఏర్పాటు చేస్తాం. ఎవరూ మారకపోతే జూన్‌లో నాతోపాటు మావారు కూడా వస్తారు. లెక్కల పుస్తకం వదిలి ఆయన కొండ ఎక్కడం ఇదే మొదటిసారి అవుతుంది. ఈ పద్ధతి నచ్చనివారు మార్చి 15లోగా ఆఫీసుకు ఒక్క మాట చెబితే, అడ్వాన్సు మొత్తం పది రోజుల్లో మీ ఖాతాలో వేస్తాం.