మత్స్యకారుల సంఘం వార్షిక నివేదిక, 2024–25 (కళింగపట్నం)

అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు నమస్కారాలు. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు జరిగిన పనుల నివేదికను కార్యవర్గం తరఫున సభ ముందు ఉంచుతున్నాను.

సంఘం ఆశయాలు మీకు కొత్త కావు. వలల షెడ్డుకు రేకులు మార్చాం. గంగమ్మ తల్లి పండుగకు ఎప్పటిలాగే విరాళం ఇచ్చాం. పదో తరగతి దాటిన మన పిల్లలకు పుస్తకాలు అందించాం. ఇవన్నీ ఏటా జరిగేవే. ఈ ఏడాది తలెత్తుకుని చెప్పుకోదగిన పని జూన్‌లో జరిపిన పడవ మోటారు వైరింగు శిక్షణ. అందుకే ఈ నివేదికలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

వంశధార సంగమం దగ్గర, ఉప్పుటేరులో పీతలకు, పండుగప్పకు తిరిగే చిన్న పడవలకు మన సభ్యులు కొందరు బ్యాటరీతో నడిచే ట్రోలింగ్ మోటార్లు బిగించుకున్నారు. అలలు దాటి సముద్రంలోకి వెళ్ళే బోటుకు అవి చాలవు, దానికి ఇంజనే కావాలి. ఏటిలో మాత్రం అవి మంచి పనిముట్లు. పెట్రోలు ఖర్చు ఉండదు, చప్పుడుకు చేప చెదరదు. అయితే మోటారు కొనడానికి పెట్టిన శ్రద్ధ వైరు కొనడంలో ఎవరూ పెట్టలేదు. ఇంట్లో మిగిలిన వైరు, కరెంటు స్తంభం నుంచి ఇంటికి లాగే అల్యూమినియం సర్వీసు వైరు, ఏది దొరికితే అది కట్టారు. చివరికి ఒక సభ్యుని పడవలో వైరు తొడుగు కరిగి, చెక్క పీట అంచు కాలింది. నడిఏటిలో అప్పుడు పడవలో తండ్రీకొడుకులు ఉన్నారు. బ్యాటరీ తీగను చేత్తో లాగి తప్పించుకున్నారు. ఆ మరుసటి వారమే కార్యవర్గం శిక్షణకు తీర్మానించింది.

మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి నిషేధం మొదలవుతుంది కనుక గుజరాత్‌లోని వేరావల్ బోట్లకు వెళ్ళిన కుర్రవాళ్ళు కూడా అప్పటికి ఊరు చేరతారు. అందరూ ఒడ్డున ఉండే జూన్ మొదటి వారాన్ని అందుకే ఎంచుకున్నాం.

శిక్షణలో ఆ కాలిన వైరునే మొదట బల్ల మీద పెట్టారు. ఆ మోటారు 12 వోల్టులది, పూర్తి వేగంలో 50 ఆంపియర్లు లాగుతుంది. దానితో వచ్చిన కాగితంలో వైరు సైజు '6' అని ఉంది. అది చూసి ఆ సభ్యుడు దుకాణంలో 6 ఎంఎం (అంటే 6 చదరపు మిల్లీమీటర్ల) వైరు అడిగి తెచ్చుకున్నాడు. అతన్ని తప్పుపట్టవలసిన పని లేదు. కాగితంలోది అమెరికా గేజి నంబరు. ఆ లెక్కలో నంబరు తగ్గేకొద్దీ వైరు లావవుతుంది. 6 గేజి అంటే మన దుకాణం లెక్కలో 13 చదరపు మిల్లీమీటర్లకు పైమాట. అంటే అతనికి కావలసిన రాగిలో సగం కూడా వైరులో లేదు. పైగా మధ్యలో రెండు కొసలు మెలితిప్పి టేపు చుట్టిన అతుకు. కరిగింది సరిగ్గా అక్కడే.

ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రం మాస్టారు బోర్డు మీద లెక్క వేసి చూపించారు. బ్యాటరీ ముందు అణియంలో, మోటారు వెనుక అమరంలో ఉంటే మధ్య దూరం 5 మీటర్లు. కరెంటు వెళ్ళిన దారినే తిరిగి రావాలి కనుక లెక్కలోకి వచ్చేది 10 మీటర్లు. చాలామంది మరిచిపోయేది ఈ సంగతే. 50 ఆంపియర్ల దగ్గర 4 ఎంఎం వైరులో దాదాపు 2.2 వోల్టులు దారిలోనే పోతాయి. 6 ఎంఎంలో సుమారు 1.46, 10 ఎంఎంలో 0.87, 16 ఎంఎంలో 0.55, 25 ఎంఎంలో 0.35. పోయిన వోల్టేజి వేడిగా మారుతుంది. 4 ఎంఎం వైరు కట్టినవారు వంద వాట్ల బల్బును వైరు పొడవునా వెలిగించుకుని తిరుగుతున్నట్టే లెక్క. మోటారుకు బలం తగ్గుతుంది, బ్యాటరీ మాత్రం దిగిపోతూనే ఉంటుంది. ముఖ్యమైన వైరింగులో ఈ నష్టం 3 శాతం దాటకూడదని అమెరికాలో పడవల ప్రమాణాలు చెబుతాయి. 12 వోల్టుల మీద అది 0.36.

అలాగైతే అందరూ 25 ఎంఎం వైరు కొనాలా అని వెనుక నుంచి ఎవరో అడిగారు. అవసరం లేదు, దూరం తగ్గించుకోండి అన్నారు మాస్టారు. బ్యాటరీని నడిమి పీట కిందికి జరిపితే మోటారుకు 2 మీటర్లే. అప్పుడు 10 ఎంఎంతోనే నష్టం 0.35కు దిగుతుంది, 16 ఎంఎం అయితే 0.22. బ్యాటరీని మరీ అమరం దాకా తోస్తే మోటారు, మనిషి, బ్యాటరీ ఒకేచోట చేరి పడవ వెనుక మునుగుతుంది కనుక నడిమి పీటే సరైన చోటు. మన ఉప్పు గాలిని, ముందు ముందు పెద్ద మోటారు కొనే అవకాశాన్ని దృష్టిలో పెట్టుకుని సంఘం 16 ఎంఎం సిఫారసు చేస్తోంది.

మధ్యాహ్నం పడవను గుంజకు కట్టి, మోటారును పూర్తి వేగంలో తిప్పుతూ మీటరుతో కొలిచారు. ముందు బ్యాటరీ దగ్గర, తర్వాత మోటారు కొసన. పాత తరహా వైరుకు, కొత్త వైరుకు వచ్చిన తేడాలు బోర్డు మీది అంకెలకు దాదాపు సరిపోయాయి. బడికి వెళ్ళని మన పెద్దలు సైతం మీటరు తామే పట్టుకుని చూస్తామని వరుస కట్టారు. ఈ సంఘంలో నేను చూసిన మంచి రోజుల్లో అది ఒకటి.

వైరు ఎంపిక గురించి శ్రీకాకుళం నుంచి వచ్చిన విశ్రాంత ఎలక్ట్రీషియన్ చెప్పినవి రానివారి కోసం రాస్తున్నాను. గోడలో వేసే గట్టి తీగ పడవ అదురుకు విరుగుతుంది. సన్న తీగలు ఎక్కువగా ఉన్న మెత్తటి వైరే కావాలి, అందులోనూ తగరం పూత ఉన్న రాగి. పూత లేని తీగలోకి ఉప్పు నీరు తొడుగు కింద నుంచి పాకుతుంది. ఆయన ఒక పాత వైరును కొస నుంచి జానెడు లోపలికి చీల్చి చూపిస్తే అక్కడి దాకా చిలుము పట్టి, తీగలు వేళ్ళ మధ్య పొడిలా రాలాయి. కొనేటప్పుడు ఒక తీగను కత్తితో గీకి చూడండి. తగరం పూత కింద ఎర్రగా కనిపిస్తే రాగి. పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా తేలితే అది రాగి పూసిన అల్యూమినియం, తిరిగి ఇచ్చేయండి.

వైరు కొసకు సరైన సైజు లగ్గు (బిగించడానికి కన్నం ఉన్న లోహపు ముక్క) పెట్టి క్రింపింగ్ పనిముట్టుతో నొక్కాలి. సుత్తితో కొట్టిన లగ్గు కొన్నాళ్ళకే వదులవుతుంది. దాని మీద లోపల జిగురుండి, వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగి వేడి చేయాలి. బ్యాటరీ ప్లస్ వైపు జానెడు దూరం దాటకుండా కరెంటు మితిమీరితే తానే ఆపేసే 60 ఆంపియర్ల డీసీ (బ్యాటరీ కరెంటు) బ్రేకరు ఉండి తీరాలి. ఇంటి కరెంటుకు వాడే బ్రేకరు, అంటే ఎంసీబీ, దీనికి పనికిరాదు. ఇంటి కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వచ్చి పోతుంది కనుక దాన్ని విడదీయడం తేలిక. బ్యాటరీ కరెంటు అలా సున్నాకు రాదు, అందుకే మామూలు ఎంసీబీలో నిప్పు ఆరకుండా నిలిచిపోవచ్చు. బిగించేటప్పుడు మైనస్ చివర, విప్పేటప్పుడు మైనస్ ముందు.

కృతజ్ఞతలు చెప్పవలసినవారు చాలామంది. హాలు, మైకు ఇచ్చిన గుడి కమిటీకి, సెలవు రోజు మన కోసం వదులుకున్న మాస్టారికి, బస్సు ఖర్చు కూడా పుచ్చుకోని ఎలక్ట్రీషియన్ గారికి, అందరికీ వండి వడ్డించిన మహిళా పొదుపు సంఘాల అక్కలకు, తన పడవను పరీక్షకు ఇచ్చిన సభ్యునికి, కాలిన వైరును దాచకుండా తెచ్చి చూపిన ఆ తండ్రీకొడుకులకు, నీళ్ళలో నిలబడి పడవను పట్టుకున్న వేరావల్ కుర్రవాళ్ళకు కార్యవర్గం తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

చెప్పక తప్పని మాట కూడా ఉంది. శిక్షణకు ఒక కార్యాలయం నుంచి అధికారిని పంపుతామన్నారు. వేదిక మీద కుర్చీ వేసి ఉంచాం, సాయంత్రం దాకా ఖాళీగానే ఉంది. మళ్ళీ రాసిన ఉత్తరానికీ జవాబు లేదు. మనవాళ్ళ సంగతీ అంతే. ఇంటింటికీ వెళ్ళి పడవల వైరింగు తనిఖీ చేస్తామని పేర్లు ఇచ్చిన యువకుల్లో ఎక్కువ మంది తనిఖీ నాటి ఉదయం ఫోను ఎత్తలేదు. వచ్చిన ఇద్దరు ముగ్గురి మీదే మొత్తం పని పడింది. సర్వీసు వైరుతో తిరుగుతున్న పడవలు ఇంకా ఏటిలో ఉన్నాయని, వాటి యజమానులు ఈ సభలోనూ లేరని బాధతో తెలియజేస్తున్నాను. ఇక్కడున్నవారు వారికి ఈ సంగతి చేరవేయాలి.

జమాఖర్చుల పుస్తకం కోశాధికారి దగ్గర సిద్ధంగా ఉంది. చూడదలచినవారు సమావేశం తర్వాత చూడవచ్చు. చందా బకాయిలు ఈ నెలాఖరులోగా చెల్లించవలసిందిగా మనవి.

సభ ఆమోదానికి రెండు తీర్మానాలు. 16 ఎంఎం తగరం పూత వైరును చుట్టగా కొని, సభ్యులకు మీటర్ల లెక్కన కొన్న ధరకే ఇవ్వడం. క్రింపింగ్ పనిముట్టును, మీటరును వలల షెడ్డులో ఉంచి, తీసుకున్నవారు రిజిస్టరులో సంతకం చేసి మర్నాటికి తిరిగి ఇవ్వడం.

కార్యదర్శి
(కార్యవర్గం తరఫున)